ట్రాక్షన్ కంట్రోల్ పాడైందా, పని చేస్తోందా? మట్టిదారిలో ఎస్‌యూవీ నడిపేవాళ్ల అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో నేను చేసేది బ్రేకులు, చక్రాలు, వాటికి సంబంధించిన వైరింగ్ పని. మన వైపు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. ఆ నెలల్లో వర్క్‌షాప్‌కి ఎస్‌యూవీలు వరసకడతాయి. బంగారుపాళ్యం, పలమనేరు వైపు మామిడి తోపులున్నవాళ్లు, చంద్రగిరి చుట్టుపక్కల పొలం దారుల్లో రోజూ తిరిగేవాళ్లు, ఆదివారం సరదాగా బండి మట్టిలోకి దింపే కుర్రాళ్లు... అందరిదీ ఒకటే మాట. "అన్నా, ట్రాక్షన్ కంట్రోల్ పోయింది, చూడు."

చక్రం జారినప్పుడు ఇంజిన్ పవర్ తగ్గించో, ఆ చక్రానికి బ్రేక్ వేసో పట్టు నిలిపే సిస్టమ్‌నే ట్రాక్షన్ కంట్రోల్ అంటాం. బండి కంప్యూటర్‌ని చదివే స్కానర్ పెట్టి చూస్తే చాలాసార్లు అది నిక్షేపంగా ఉంటుంది. ఈలోపు ఎవరో చెప్పారని వేలకు వేలు పోసి మార్చక్కర్లేని పార్టు మార్చేసి వస్తారు. అది చూస్తే నిజంగా బాధేస్తుంది. అందుకే నేను తరచూ వినే మాటలు, వాటి వెనకున్న అసలు సంగతి ఇక్కడ రాస్తున్నాను. ఒక్క హెచ్చరిక ముందే చెప్పాలి. శేషాచలంలో చాలా భాగం శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు. అనుమతి లేకుండా అడవి దారుల్లో బండి దింపితే కేసు అవుతుంది. నేను రాసేదంతా సొంత పొలాలు, తోపులు, ఊరి మట్టిదారుల గురించి.

అపోహ: మీటర్‌లో జారే బండి బొమ్మ మినుకుమంటే సిస్టమ్ ఫెయిలైనట్టే.

మినుకుమంటే పని చేస్తున్నట్టు. చక్రం జారుతోందని గుర్తించి, ఇంజిన్ పవర్ తగ్గిస్తూనో బ్రేక్ వేస్తూనో ఉందని అర్థం. అప్పుడు కింద నుంచి గరగరమని శబ్దం వస్తుంది, పెడల్ కూడా కాస్త అదరొచ్చు. ఏబీఎస్ (బ్రేక్ వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే సిస్టమ్) పంపు తిరిగే చప్పుడది. దానికి భయపడి కాలు తీసేయకండి. బొమ్మ ఆరకుండా నిలకడగా వెలుగుతూ ఉంటేనే అనుమానించాలి. అప్పుడు కూడా ముందు ఆఫ్ బటన్ ఎవరైనా నొక్కారేమో చూడండి. కొన్ని బండ్లలో ఫోర్ లో (నాలుగు చక్రాలకూ తక్కువ వేగం, ఎక్కువ బలం) గేరు వేయగానే ఆ లైటు దానంతటదే వెలుగుతుంది, తిరిగి టూ హై (రెండు చక్రాలకే పవర్, మామూలు వేగం)కి వస్తే ఆరిపోతుంది. ఆ బండ్లకు అది మామూలే.

అపోహ: ఫోర్ బై ఫోర్ బండి, పైగా ట్రాక్షన్ కంట్రోల్ ఉంది. ఇక దిగబడదు.

దీనికి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మిగతా అపోహలన్నీ ఇక్కడి నుంచే పుడతాయి.

ఇరుసు మధ్యలో ఉండి ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకూ పంచేదే డిఫరెన్షియల్. మామూలు డిఫరెన్షియల్ రెండు పక్కలకూ సమానమైన బలమే ఇస్తుంది. ఒక చక్రం గాల్లోకి లేచిందనుకోండి, దాన్ని తిప్పడానికి పెద్దగా బలం అక్కర్లేదు. కాబట్టి నేల మీదున్న రెండో చక్రానికి కూడా అంతే అందుతుంది. లేచిన చక్రం గిర్రున తిరుగుతుంది, నేల మీదున్నది కదలదు. ఫోర్ వీల్ వేసినా ముందు ఇరుసులో ఒకటి, వెనక ఇరుసులో ఒకటి అడ్డదిడ్డంగా లేస్తే ఇదే గతి. వర్షానికి కోసుకుపోయిన వంక దాటేటప్పుడు, గెనిమ మీదుగా ఏటవాలుగా ఎక్కించేటప్పుడు సరిగ్గా ఇలాగే జరుగుతుంది.

బ్రేక్‌తో పని చేసే ట్రాక్షన్ కంట్రోల్ ఆ ఊరికే తిరిగే చక్రాన్ని బ్రేక్‌తో పట్టుకుంటుంది. ఇప్పుడు దాన్ని తిప్పాలంటే బలం కావాలి, కాబట్టి రెండో పక్కకు కూడా అంత బలం చేరుతుంది. జిమ్నీలో బ్రేక్ ఎల్ఎస్‌డీ అనేది, థార్‌లో కొన్ని వేరియంట్లకు ఉన్న బ్రేక్ లాకింగ్ డిఫరెన్షియల్ అనేది ఈ పనే చేస్తాయి. రెండో చక్రం కింద అసలు గ్రిప్పే లేకపోతే అవేమీ చేయలేవు. నాలుగు టైర్లూ మెత్తటి చెరువు మట్టిలో కూరుకుపోతే ఏ సిస్టమ్ అయినా చేతులెత్తేస్తుంది. కావాల్సింది పార, పలక, తాడు, ఇంకో బండి.

ఇంకో సంగతి. చక్రం కాస్త జారితేనే సెన్సర్‌కి తేడా తెలుస్తుంది. ఆ తర్వాతే బ్రేక్ పడుతుంది. చక్రం తిరగ్గానే కంగారుపడి యాక్సిలరేటర్ వదిలేస్తే సిస్టమ్ కూడా వదిలేస్తుంది. మళ్లీ తొక్కుతారు, మళ్లీ వదులుతారు, గుంత లోతవుతుంది. లో గేరులో యాక్సిలరేటర్‌ని ఒకే స్థాయిలో పట్టి రెండు మూడు సెకన్లు ఆగండి. గరగర మొదలై బండి నెమ్మదిగా ముందుకు జరుగుతుంది. "ట్రాక్షన్ పని చేయట్లేదు" అని తెచ్చిన బండిని వర్క్‌షాప్ వెనక మిట్ట మీద ఇలా ఎక్కించి చూపిస్తే సొంతదారు ముఖం వెలిగిపోతుంది. నా పనిలో నాకు బాగా నచ్చే ఘడియ అదే.

మెకానికల్ లాకర్ (రెండు చక్రాలనూ కలిపి ఒకే వేగంతో తిప్పే పరికరం) ఉన్న థార్ అయితే రెండు వెనక చక్రాల వేగంలో తేడా వచ్చాక తనంతట తానే లాక్ అవుతుంది. అప్పుడు టక్‌మని ఒక దెబ్బ వినిపిస్తుంది. గేర్‌బాక్స్ విరిగిందని హడలిపోవద్దు. గూర్ఖాలో ముందూ వెనకా లాకర్లు మనమే వేయాలి. అవి వేసి గట్టి నేల మీద స్టీరింగ్ తిప్పితే ఇరుసులకు దెబ్బ.

అపోహ: మట్టిలోకి దిగగానే ఆఫ్ బటన్ నొక్కేయాలి.

నేలను బట్టి నొక్కాలి. స్వర్ణముఖి ఏటి పక్కన ఉండేలాంటి లోతైన ఇసుకలో బండి వేగం పోకూడదు. అక్కడ ట్రాక్షన్ కంట్రోల్ జారుడు చూసి ఇంజిన్ పవర్ కోసేస్తుంది, బండి ఊపు పోయి కూర్చుండిపోతుంది. "ఎంత తొక్కినా పికప్ రాలేదన్నా" అనే ఫిర్యాదులో సగం ఇదే. ఇసుకలో, లోతు బురదలో ఆఫ్ చేయడం సరైనది. బండలు, గుంతలు, ఎగుడుదిగుడు ఉన్న చోట మాత్రం ఆన్‌లోనే ఉంచాలి, అక్కడ మనల్ని లాగేది ఆ బ్రేక్ పనే. చాలా బండ్లలో బటన్ చిన్నగా నొక్కితే ఒక రకం, కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే ఇంకో రకం. మీ బండిలో ఏది దేన్ని ఆపుతుందో మాన్యువల్‌లో చదవండి. తారు రోడ్డు ఎక్కగానే మళ్లీ ఆన్ చేయడం మరవద్దు. భాకరాపేట ఘాట్ లాంటి మలుపుల్లో ఈఎస్‌పీ (బండి అదుపు తప్పి పక్కకు జారకుండా చూసే సిస్టమ్) లేకుండా దిగడం ప్రమాదం.

అపోహ: శాండ్, మడ్ మోడ్‌లు ఉన్నాయి కాబట్టి మాదీ ఆఫ్‌రోడ్ బండే.

క్రెటా లాంటి, ముందు చక్రాలకే పవర్ వచ్చే బండ్లలో ఆ మోడ్‌లు యాక్సిలరేటర్ స్పందన, గేరు మారే తీరు, ట్రాక్షన్ కంట్రోల్ ఎంత జారుడు ఓర్చుకోవాలి అన్నవి మారుస్తాయి. వెనక చక్రాలకు పవర్ రాదు. తోపు దాకా వెళ్లడానికి బాగానే పనికొస్తాయి.

అపోహ: లైటు ఆరకుండా వెలుగుతోందంటే ఏబీఎస్ మాడ్యూల్ పోయింది.

జనం ఎక్కువ డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. ఏబీఎస్‌ని నడిపే కంప్యూటర్, పంపు ఉన్న డబ్బానే మాడ్యూల్ అంటాం. అది అన్నింటికన్నా చివర అనుమానించాల్సిన పార్టు. వరసగా ఏం చూడాలో చెబుతాను.

ఆ లైటుతో పాటు ఇంకేం వెలుగుతున్నాయి? ఏబీఎస్ లైటు కూడా ఉంటే మొదట నాలుగు చక్రాల దగ్గరా ఉండే స్పీడ్ సెన్సర్లు చూడాలి. చెక్ ఇంజిన్ లైటు ఉంటే లోపం ఇంజిన్‌లో ఉండొచ్చు. ఇంజిన్ కంప్యూటర్ తన పవర్‌ని తగ్గించలేని స్థితిలో ఉంటే ట్రాక్షన్ కంట్రోల్‌ని పక్కన పెట్టేస్తుంది. అలాంటప్పుడు చక్రాల దగ్గర ఎంత వెతికినా ఏమీ దొరకదు. బ్యాటరీ తీసి పెట్టాకో, అలైన్‌మెంట్ చేయించాకో వెలిగిందంటే స్టీరింగ్ ఎంత తిరిగిందో చెప్పే యాంగిల్ సెన్సర్ తన సున్నాని, అంటే స్టీరింగ్ తిన్నగా ఉన్న స్థానాన్ని, మరిచి ఉంటుంది. కొన్ని బండ్లలో స్టీరింగ్‌ని ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పి, కాసేపు తిన్నగా నడిపితే సరిపోతుంది. కొన్నింటికి స్కానర్‌తో సున్నా పెట్టాలి. బ్రేక్ పెడల్ దగ్గరుండే చిన్న స్విచ్ పోయినా ఇదే లైటు వెలుగుతుంది, కాబట్టి వెనక బ్రేక్ లైట్లు వెలుగుతున్నాయో లేదో ఇంకొకరిని చూడమనండి. బ్యాటరీ బలహీనంగా ఉంటే పొద్దున స్టార్ట్ చేయగానే మూడు నాలుగు లైట్లు ఒకేసారి వస్తాయి.

ఇక చక్రం సెన్సర్. మట్టిదారిలో తిరిగే బండికి ఎక్కువగా దెబ్బ తగిలేది దాని వైరుకే. కంపచెట్టు కొమ్మ లాగుతుంది, రాయి ఎగిరి కొడుతుంది, క్లిప్పు ఊడి టైరుకు రాసుకుంటుంది. పైకి తొడుగు బాగానే కనిపించినా లోపల రాగి తెగి ఉంటుంది. స్కానర్‌లో లైవ్ డేటా (సెన్సర్లు అప్పటికప్పుడు పంపే అంకెలు) తెరిచి, గంటకు 20 కిలోమీటర్ల వేగంతో తిన్నగా నడుపుతూ నాలుగు చక్రాల అంకెలూ పక్కపక్కన చూడాలి. ఒకటి సున్నాకి పడిపోయినా, ఎగిరెగిరి పడినా అదే దొంగ. ఆ తర్వాత బండి ఆపి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి వైరు కదుపుతూ కనెక్టర్‌లో కరెంటు తెగుతోందేమో చూడాలి. ఇప్పటి బండ్లలో ఎక్కువగా ఉండేవి రెండు వైర్ల యాక్టివ్ సెన్సర్లు, అంటే బండి నుంచి కరెంటు అందితేనే పని చేసేవి. అవి సుమారు 7, 14 మిల్లీ ఆంపియర్ల మధ్య కరెంటు మార్చి సిగ్నల్ ఇస్తాయి. వాటికి మల్టీమీటర్‌తో ఓమ్స్ కొలిచి "సెన్సర్ డెడ్" అని తేల్చడం తప్పు. పాత రకం కాయిల్ సెన్సర్లకే ఆ పరీక్ష వర్తిస్తుంది.

సెన్సర్‌కి ఎదురుగా బేరింగ్ మీద సన్నటి అయస్కాంతపు రింగ్ ఉంటుంది. బ్రేకుల నుంచి రాలే ఇనుప రజను, ఏటి ఇసుకలోని నల్ల రజను దానికి అంటుకుంటాయి. చిన్నప్పుడు ఇసుకలో అయస్కాంతం తిప్పి ఆడుకున్నవాళ్లకు ఆ నల్ల రజను తెలిసే ఉంటుంది. సెన్సర్ విప్పి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలాసార్లు లైటు ఆరిపోతుంది. దానికి ఖర్చు కూలి మాత్రమే. ఇవన్నీ చూశాక, ఫ్యూజులు, ఎర్త్ కూడా బాగున్నాయని తేలాకే మాడ్యూల్ మాట ఎత్తాలి. "మాడ్యూల్ మార్చాలి" అని ఎవరైనా అంటే ఏ కోడ్ వచ్చింది, లైవ్ డేటా ఏం చూపించింది అని గట్టిగా అడగండి. అడిగే హక్కు మీకుంది.

అపోహ: రెండు టైర్లు అరిగాయి, రెండే కొత్తవి వేస్తే చాలు.

టైరు అరిగితే చుట్టుకొలత తగ్గుతుంది. జిమ్నీ టైరు వ్యాసం సుమారు 69 సెంటీమీటర్లు. 6 మిల్లీమీటర్లు అరిగితే వ్యాసంలో 12 మిల్లీమీటర్ల తేడా, అంటే ఇంచుమించు 1.7 శాతం. కంపెనీ ప్రోగ్రామ్ కొంత తేడాని ఓర్చుకుంటుంది. సైజే వేరైన టైరు ఒక చక్రానికి వేస్తే మాత్రం అది జారుతోందో, చిన్నదో దానికి తెలియదు. మధ్య డిఫరెన్షియల్ లేని పార్ట్ టైమ్ ఫోర్ బై ఫోర్‌లో ముందు వెనక టైర్లు వేరువేరుగా ఉంటే ఫోర్ హైలో (నాలుగు చక్రాలకూ పవర్, మామూలు వేగం) షాఫ్టులు మెలిపడి, ముందు వెనక ఇరుసులకు పవర్ పంచే ట్రాన్స్‌ఫర్ కేసు బిగుసుకుపోతుంది. టైర్లు ఒకేలా ఉన్నా మలుపుల్లో ముందు వెనక చక్రాలు వేరువేరు దూరాలు తిరుగుతాయి, గట్టి నేల మీద అప్పుడూ ఇదే జరుగుతుంది. అందుకే తారు రోడ్డు మీద ఫోర్ హై వేయొద్దంటాం.

గాలి సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఇసుకలో 18 నుంచి 20 పీఎస్ఐ దాకా తగ్గిస్తే టైరు వెడల్పుగా పరుచుకుని పట్టు దొరుకుతుంది. నాలుగింటికీ ఒకేలా తగ్గించండి. మన ఎర్రమట్టిలో, గులకరాళ్ల మీద అంత తగ్గిస్తే పక్కగోడ చీలుతుంది. చిన్న కంప్రెసర్ బండిలో లేకుండా గాలి తీయకండి, ఆ గాలితో తారు రోడ్డెక్కడం ప్రాణాంతకం.

అపోహ: సగం ఎక్కాక పని ఆపేసింది, కాలిన వాసన వచ్చింది. కాబట్టి నాసిరకం సిస్టమ్.

బ్రేక్‌తో చక్రాన్ని మాటిమాటికీ పట్టుకుంటే డిస్క్ కాగిపోతుంది. వేడి హద్దు దాటుతోందని లెక్క కట్టి సిస్టమ్ తాత్కాలికంగా బ్రేక్ పని ఆపేస్తుంది. చదునైన చోట బండి నిలిపి చల్లారనివ్వండి, మళ్లీ వస్తుంది. కాగిన డిస్క్ మీద నీళ్లు మాత్రం పోయొద్దు, వంకరపోతుంది. బ్రేక్ ఆయిల్ పాతదైతే తేమ పట్టి ఉంటుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. మరిగితే పెడల్ నేలకంటుతుంది. రెండేళ్లకోసారి తప్పకుండా మార్పించండి.

కాలిన వాసన వచ్చినప్పుడు ఒకరిని బయట నిలబెట్టి చక్రాలు చూడమనండి. ఇంజిన్ అరుస్తోంది, ఏ చక్రమూ తిరగట్లేదంటే అది క్లచ్. వెనకవి తిరుగుతున్నాయి, ముందువి రెండూ కదలట్లేదంటే ఫోర్ వీల్ పడలేదు. కొన్ని బండ్లలో ముందు హబ్‌లు వాక్యూమ్‌తో లాక్ అవుతాయి. ఆ వాక్యూమ్ వచ్చే సన్న రబ్బరు పైపు ఊడినా చాలు, ముందు చక్రాలకు పవర్ రాదు.

అపోహ: వాన తర్వాత కింద డీజిల్ కొట్టిస్తే అంతా శుభ్రం.

డీజిల్ రబ్బరు బుష్‌లను ఉబ్బిస్తుంది, దుమ్మును పట్టిస్తుంది. బ్రేక్ ప్యాడ్ మీద పడితే బ్రేకూ పోయె, దాని మీద నడిచే ట్రాక్షన్ కంట్రోలూ పోయె. మామూలు నీళ్లతో కడగండి. ప్రెషర్ గన్‌ని సెన్సర్ కనెక్టర్లకు, బేరింగ్ సీళ్లకు దగ్గరగా పెట్టొద్దు.

అపోహ: వంక దాటేశాం, ఇంజిన్‌లోకి నీళ్లు రాలేదు. ఇక భయం లేదు.

పరుగు మీదున్న బండి బేరింగులు వేడిగా ఉంటాయి. ఒక్కసారి చల్లటి నీళ్లలో దిగితే లోపలి గాలి కుదించుకుని, అరిగిన సీలు సందులోంచి నీటిని లాక్కుంటుంది. కొన్నాళ్లకు గ్రీజు పాడై హూమ్మని మోత మొదలవుతుంది. బేరింగ్ ఊగితే రింగ్‌కి, సెన్సర్‌కి మధ్య సందు మారి ట్రాక్షన్ లైటు వచ్చి పోతూ ఉంటుంది. 2021 నవంబరు వరదల్లాంటి నీళ్లలో నిలిచిన బండికైతే సీట్ల కింద కనెక్టర్లు కూడా విప్పి ఆరబెట్టాలి. బేరింగ్ మార్పించేటప్పుడు దగ్గరుండి చూడండి. రింగ్ ఉన్న ముఖం సెన్సర్ వైపే ఉండాలి. తిరగేసి కొడితే కొత్త బేరింగ్, మంచి సెన్సర్ ఉన్నా సిగ్నల్ రాదు. బయటికి లాగితే ఆ బేరింగ్ మళ్లీ పనికిరాదు కాబట్టి, ప్రెస్ చేయకముందే ఒక చిన్న గుండుసూదిని ఆ ముఖానికి తాకించి అంటుకుంటోందో లేదో చూడమనండి.