పింక్ ఫ్లాయిడ్ తగాదా: అపోహలు - వాస్తవాలు

ఇరవై ఏళ్లుగా బ్యాండ్లలో బేస్ గిటార్ వాయిస్తున్నాను. రిహార్సల్‌కి వచ్చే కుర్రాళ్లు బ్రిటిష్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ పేరెత్తితే చాలు, పది నిమిషాల్లో మాట అందులో బేస్ వాయిస్తూ పాటలు రాసిన రోజర్ వాటర్స్, గిటారిస్టు డేవిడ్ గిల్మోర్‌ల గొడవ మీదికి మళ్లుతుంది. చెప్పుకునేదాంట్లో సగం తప్పే.

అపోహ: ఉక్రెయిన్, ఇజ్రాయెల్ విషయంలో పడక విడిపోయారు.

వాస్తవం: వాటర్స్ బ్యాండ్ వదిలింది 1985లో. ఉక్రెయిన్ కోసం గిల్మోర్, డ్రమ్మర్ నిక్ మేసన్ పాట విడుదల చేసింది 2022లో. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో గిల్మోర్ భార్య పాలీ శామ్సన్, వాటర్స్ యూదు ద్వేషి అనీ పుతిన్‌ని వెనకేసుకొస్తాడనీ ట్విటర్‌లో దుయ్యబట్టారు. ప్రతి మాటా నిజమేనన్నాడు గిల్మోర్. వాటర్స్ పూర్తిగా ఖండించాడు. మంట కొత్తదే, కట్టెలు మాత్రం పాతవి.

అసలు పేచీ పేరు దగ్గర. తాను వెళ్లిపోయాక పింక్ ఫ్లాయిడ్ ఇక లేనట్టేనని వాటర్స్ 1986లో లండన్‌లో కోర్టుకెక్కాడు. మిగతావాళ్లు ఒప్పుకోలేదు. 1987 క్రిస్మస్‌కి ముందు, థేమ్స్ నదిలో గిల్మోర్ స్టూడియోగా వాడుకునే పడవలో రాజీ కుదిరింది. పేరు వాళ్లకి, 1979 నాటి ఆల్బమ్ 'ది వాల్' హక్కులు వాటర్స్‌కి. కేసు వేయడం తన తప్పేనని 2013లో ఆయనే బీబీసీతో అన్నాడు.

మా మొదటి బ్యాండ్ విడిపోయినప్పుడు మేమూ బయటికి 'సంగీతంలో అభిరుచులు కలవలేదు' అనే చెప్పుకున్నాం. నిజానికి రెండు నెలలు కొట్టుకున్నది ఫేస్‌బుక్ పేజీ పాస్‌వర్డ్ కోసం!

అపోహ: అప్పట్లో వాళ్లది ఉత్త సంగీతమే, రాజకీయం ఈమధ్యే దూరింది.

ఇలా అనేవాళ్లు గిటార్ విన్నారు గానీ మాటలు వినలేదు. వాటర్స్ ఐదు నెలల పసివాడిగా ఉన్నప్పుడు తండ్రి ఇటలీలోని ఆంజియో దగ్గర యుద్ధంలో చనిపోయాడు. ఆ దుఃఖం ఆయన పాటల్ని వదల్లేదు. బడి చదువు మీద కోపంతో రాసిన 'అనదర్ బ్రిక్ ఇన్ ది వాల్'ని 1980లో దక్షిణాఫ్రికా ప్రభుత్వం నిషేధించింది. 1983 నాటి 'ది ఫైనల్ కట్' అయితే ఫాక్‌లాండ్స్ యుద్ధం మీద అప్పటి బ్రిటన్ ప్రధాని థాచర్‌ని నేరుగా నిలదీసింది. గిల్మోర్‌కి ఆ ఆల్బమ్ నచ్చలేదు. కానీ ఆయన అభ్యంతరం రాజకీయం గురించి కాదు: 'ది వాల్'కి పనికిరావని పక్కన పెట్టిన పాటలు ఇప్పుడెలా పనికొస్తాయని.

అపోహ: గెంటేస్తే నష్టపోయినట్టే.

కీబోర్డు వాయించే రిచర్డ్ రైట్‌ని 'ది వాల్' రికార్డింగ్ సమయంలో తప్పించారు. ప్రదర్శనలకి మాత్రం జీతానికి పెట్టుకున్నారు. అవి నష్టాల్లో ముగిశాయి. భాగస్వాములు ముగ్గురూ చేతి డబ్బు పోగొట్టుకుంటే, జీతగాడు రైట్ ఒక్కడే లాభంతో బయటపడ్డాడు.

ఇక మాటల్లేనివాళ్లు కలిసి వాయించలేరన్నది మరో అపోహ. 2005 జులై 2న లండన్ హైడ్ పార్కులో, లైవ్ 8 కచేరీలో, నలుగురూ 24 ఏళ్ల తర్వాత ఒకే వేదికెక్కారు. వాయించేటప్పుడు కబుర్లతో పనేముంది? నేనైతే డ్రమ్మర్ కాలు చూస్తాను, అంతే.

ఇంత గొడవలోనూ 2024లో రికార్డింగుల హక్కులు సోనీకి అమ్మే ఒప్పందం కుదిరింది. సుమారు 40 కోట్ల డాలర్లని పత్రికలు రాశాయి. పాటల రచన హక్కులు మాత్రం ఎవరివి వాళ్లే ఉంచుకున్నారు.