న్యాయవాది ఇంటికి రాసిన ఉత్తరాలు: అపోహలు, వాస్తవాలు

పాతతరం న్యాయవాదుల ఇళ్లలో మిగిలిన కాగితాలను శుభ్రం చేసి, వరుసలో పెట్టి, భద్రపరచడం నా వృత్తి. నాకు ఫోన్ చేసే కుటుంబాలలో ఎక్కువమంది మొదట చెప్పే మాట ఒకటే. "నాన్నగారి కేసు కట్టలన్నీ పదిలంగా ఉంచామండీ. ఉత్తరాలు మాత్రం తీసేశాం. అమ్మకు రాసినవే కదా, అన్నీ ఇంటి సంగతులే." ఈ మాట విన్న ప్రతిసారీ నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఉండవలసిన కాగితం పోయి, పోయినా నష్టం లేని కాగితం మిగిలిందని వారికి అప్పుడు చెప్పవలసి వస్తుంది. అది చెప్పడానికి నేను ఎప్పుడూ రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీలో జరిగిన న్యూరెంబర్గ్ విచారణనే ఉదాహరణగా తీసుకుంటాను.

అపోహ: విచారణలో జరిగినదంతా కోర్టు రికార్డులో ఉంటుంది. న్యాయవాది భార్యకు రాసిన ఉత్తరాల్లో కేసు ఉండదు.

వాస్తవం: ప్రపంచంలో ఇంత వివరంగా నమోదైన విచారణలు చాలా తక్కువ. నాజీ నాయకులపై 1945 నవంబర్ 20న మొదలై 1946 అక్టోబర్ 1న శిక్షల ప్రకటనతో ముగిసిన ఆ విచారణ 403 బహిరంగ సమావేశాలపాటు నడిచింది. ప్రాసిక్యూషన్ తరఫున 33 మంది, డిఫెన్స్ తరఫున 61 మంది సాక్ష్యం చెప్పగా, నిందితులలో 19 మంది స్వయంగా బోనెక్కారు. ఇంగ్లిష్, ఫ్రెంచ్, రష్యన్, జర్మన్ భాషల్లో ప్రతి మాటా అప్పటికప్పుడు అనువాదమయ్యేది. ఆ నివేదికలు, పత్రాలు కలిసి 42 సంపుటాలుగా అచ్చయ్యాయి. అంత రికార్డు ఉన్న చోట కూడా ఉత్తరాలు కొత్త సంగతులు చెబుతున్నాయంటే, మన జిల్లా కోర్టులో రెండేళ్లు నడిచిన ఒక కేసు గురించి, ఆ కేసు వాదించిన మనిషి ఇంటికి రాసిన ఉత్తరాల విలువ ఎంతో ఆలోచించండి.

అమెరికా ప్రాసిక్యూషన్ బృందంలో చీఫ్ ప్రాసిక్యూటర్ రాబర్ట్ జాక్సన్ తర్వాతి స్థానానికి ఎదిగిన థామస్ డాడ్ 1945 వేసవిలో కొద్ది నెలల పని అనుకొని యూరప్ వెళ్లి, 1946 అక్టోబర్ దాకా ఉండిపోయారు. చిన్నపిల్లలతో అమెరికాలో ఉన్న భార్య గ్రేస్‌కు ఆయన దాదాపు ప్రతిరోజూ ఉత్తరం రాశారు. 1945 డిసెంబర్ 13న, బుకెన్‌వాల్డ్ నాజీ నిర్బంధ శిబిరంలో దొరికిన, కుదించి ఎండబెట్టిన ఒక మనిషి తలను కోర్టులో సాక్ష్యంగా పెట్టింది ఈయనే. ఆ వస్తువుకు వేసిన ఎగ్జిబిట్ నంబరు, దాన్ని ప్రవేశపెడుతూ ఆయన పలికిన వాక్యాలు అధికారిక సంపుటాల్లో ఉన్నాయి, ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. అలాంటి పని చేస్తున్న మనిషి ఏ స్థితిలో ఉన్నాడో, పిల్లలను తలచుకొని ఎన్నిసార్లు తిరిగి వెళ్లిపోదామనుకున్నాడో, బృందంలో ఎవరితో పొసగలేదో, కూలిపోయిన ఆ నగరంలో రోజులు ఎలా గడిచాయో ఏ స్టెనోగ్రాఫరూ రాసుకోలేదు. అది ఆ ఉత్తరాల్లోనే ఉంది.

విచారణ మొదలుకాకముందు కైటెల్, పాపెన్, సైస్ ఇన్‌క్వార్ట్ వంటి నిందితులను డాడ్ గంటల తరబడి ప్రశ్నించారు. ప్రశ్న, జవాబు నమోదయ్యాయి. ఎదురుగా కూర్చున్న మనిషి మీద ప్రశ్నించేవారికి కలిగిన అభిప్రాయాన్ని వేసుకోవడానికి మాత్రం ఆ ఫారంలో గడి ఉండదు. వకాల్తా పట్టిన ప్రతి ఒక్కరికీ ఇది అనుభవమే: సాక్షి మీద మనకు కుదిరిన నమ్మకమో, కలిగిన అనుమానమో కేసు నడకను మారుస్తుంది, డిపొజిషన్‌లో, అంటే నమోదైన సాక్షి వాంగ్మూలంలో, మాత్రం కనబడదు.

ఇక ఈ అపోహలోనే దాక్కున్న మరో నష్టం గురించి. ఉత్తరాలు దాచిన కుటుంబాలలో కూడా న్యాయవాది రాసినవి మిగులుతాయి, భార్య రాసినవి మిగలవు. కారణం చాలా మామూలుది. ఉత్తరం బతికేది రాసినవారి దగ్గర కాదు, అందుకున్నవారి దగ్గర. భర్త రాసినవి ఇంట్లో బీరువాలో చీరల కింద చేరుతాయి. భార్య రాసినవి ఊరుగాని ఊళ్లో, లాడ్జి గదిలో, కేసు కట్టల మధ్య ఉంటాయి. కేసు అయిపోయి పెట్టె సర్దుకునే రోజున ఆయన వాటిని వెంట తెచ్చుకుంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. డాడ్ ఉత్తరాలను కుమారుడు క్రిస్టఫర్ 2007లో పుస్తకంగా తెచ్చారు. తండ్రి యూరప్ వెళ్లేనాటికి ఆ పిల్లవాడికి ఏడాది దాటి రెండు నెలలు. ఆ పుస్తకంలో మనం చదివేది డాడ్ గొంతునే. గ్రేస్ ఏమడిగారో, దేనికి నొచ్చుకున్నారో ఆయన జవాబులను బట్టి మనం పోల్చుకోవలసిందే.

ఇద్దరి ఉత్తరాలూ మిగిలిన మంచి ఉదాహరణ బ్రిటిష్ బృందంలో ఉంది. డేవిడ్ మాక్స్‌వెల్ ఫైఫ్ 1945లో కొద్దికాలం అటార్నీ జనరల్‌గా ఉండి, ఎన్నికల్లో ప్రభుత్వం మారాక కొత్త అటార్నీ జనరల్ హార్ట్‌లీ షాక్రాస్‌కు డిప్యూటీగా న్యూరెంబర్గ్‌లో రోజువారీ పనంతా నడిపించారు. 1946 మార్చిలో నిందితులలో ప్రముఖుడైన గోరింగ్‌ను జాక్సన్ ప్రశ్నించినప్పుడు, రైన్ నదికి సంబంధించిన ఒక పత్రం అనువాదంలో దొర్లిన తప్పును గోరింగ్ నిండు కోర్టులో పట్టుకున్నాడు. ఆ తర్వాత ఫైఫ్ లేచి, జర్మన్ల చెర నుంచి తప్పించుకొని మళ్లీ పట్టుబడిన 50 మంది వైమానిక దళ అధికారులను కాల్చి చంపిన ఘటనపై తేదీ వెంట తేదీ పట్టుకొని నిలదీశారు. ఇది సంపుటాల్లో ఉంది. ఆ నెలల్లో ఫైఫ్, ఇంగ్లండ్‌లో ఉన్న భార్య సిల్వియా రాసుకున్న ఉత్తరాలు నేడు కేంబ్రిడ్జ్‌లోని చర్చిల్ ఆర్కైవ్స్ సెంటర్‌లో ఉన్నాయి. 1950లో సంతకాలైన యూరోపియన్ మానవ హక్కుల ఒప్పందం ముసాయిదా రూపకల్పనలో ముఖ్యపాత్ర వహించింది ఈ ఫైఫే. న్యూరెంబర్గ్ కోర్టు నుంచి ఆ ఒప్పందం దాకా ఒక మనిషి ఆలోచన ఎలా నడిచిందో తెలుసుకోగోరే పరిశోధకులకు ఇంటి ఉత్తరాలు లేకపోతే సగం దారి చీకటే.

మన దగ్గర ఏం జరుగుతుందో కూడా చెబుతాను. ఒక కోస్తా పట్టణంలో, కీర్తిశేషులైన ఒక క్రిమినల్ లాయరు గారి ఇంటికి వెళ్లాను. ఎర్ర నాడాలతో కట్టిన కేసు కట్టలు ట్రంకు పెట్టె నిండా ఉన్నాయి. విప్పి చూస్తే ముప్పాతిక భాగం చార్జిషీటు నకళ్లు, వాయిదా పిటిషన్లు. ఆయన రెండేళ్లు నగరంలో మకాం పెట్టి వాదించిన కేసు కాలంలో భార్యాభర్తలు రాసుకున్న ఉత్తరాలను పిల్లలు అంతకుముందు సంక్రాంతికి భోగిమంటలో వేశారు. పాత సామానుతో పాటే పోయాయి. ఒక కట్ట మధ్యలో బుక్‌మార్కుగా పెట్టిన ఒకే ఒక్క ఇన్‌లాండ్ లెటర్ మిగిలింది, ఆమె రాసినది. నీలి సిరా, అంచున పసుపు మరక. మొదటి నాలుగు పంక్తులు పాలవాడి బాకీ, చిన్నవాడి జ్వరం. అయిదో పంక్తిలో ఆమె ఇలా రాశారు: "మీరు చెప్పిన ఆ సాక్షి భార్య నిన్న మన ఇంటికి వచ్చింది, ఆయన్ని ఊళ్లో ఉండనివ్వడం లేదని ఏడ్చింది." ఆ సాక్షి తర్వాత ఎదురు తిరిగాడని కట్టలో ఉంది. ఎందుకు తిరిగాడో కట్టలో ఎక్కడా లేదు. పెద్దబ్బాయికి ఆ పంక్తి చదివి వినిపించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇలాంటివి రెండు వందల దాకా ఉండేవండీ" అన్నారు.

అపోహ: భార్యాభర్తల ఉత్తరాలను బయటి వారికి చూపడం చట్టవిరుద్ధం.

వాస్తవం: ఈ పుకారుకు భయపడి కాగితాలు చింపేసినవారు నాకు తెలుసు, అందుకే కొంచెం గట్టిగా చెబుతున్నాను. సాక్ష్య చట్టంలోని పాత 122వ సెక్షన్, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియంలో 128వ సెక్షన్, వివాహకాలంలో ఒకరికొకరు చెప్పుకున్న మాటలను కోర్టులో వెల్లడించమని భర్తనో భార్యనో బలవంతపెట్టకూడదనీ, చెప్పినవారి సమ్మతి లేకుండా సాధారణంగా వెల్లడించనివ్వకూడదనీ అంటుంది. అది సాక్షి బోనుకు సంబంధించిన నియమం. భర్త భార్యకు రాసిన ఉత్తరాలు మామగారి చేతికి చిక్కి పరువునష్టం కేసుగా మారిన ఒక వివాదంలో, భార్య సాక్ష్యంతో కాకుండా వేరే మార్గంలో ఆ ఉత్తరాలను రుజువు చేయవచ్చని సుప్రీంకోర్టు 1968లోనే తేల్చింది. తాతగారి ఉత్తరాలను గ్రంథాలయానికి ఇవ్వడానికి ఈ సెక్షన్ అడ్డు రాదు. నిజంగా చూసుకోవలసినవి రెండున్నాయి. కాగితం అందుకున్నవారిదే అయినా, అందులోని రచనపై కాపీరైటు రాసినవారిది, వారి తర్వాత వారసులది. అచ్చు వేయాలంటే వారి అనుమతి కావాలి. రెండోది, న్యాయవాది తన ఉత్తరంలో క్లయింటు రహస్యాన్ని ప్రస్తావించి ఉంటే, ఆ గోప్యత వకాల్తా ముగిసినా ముగియదు. అలాంటి ఉత్తరాలను విడిగా మూసి ఉంచాలి. చింపనక్కర లేదు.

అపోహ: ఉత్తరంలో ఉన్నదే అసలు నిజం, రికార్డు పైపై మాట.

వాస్తవం: ఇది కూడా పొరపాటే. అలసిపోయి రాత్రిపూట రాసే ఉత్తరంలో తోటివారి మీద కోపం ఎక్కువ పాళ్లలో ఉంటుంది, ఇంట్లోవారు బెంగపడకూడదని దాచిన సంగతులూ ఉంటాయి. డాడ్ తరువాత సెనేటర్ అయ్యారు, ఎన్నికల నిధుల వ్యవహారంలో 1967లో సెనేట్ ఆయనను మందలిస్తూ తీర్మానం చేసింది. ఆయన ఉత్తరాలను ప్రచురించినది సొంత కుమారుడు. ఇవి మనసులో ఉంచుకొని, ఉత్తరాన్ని రికార్డు పక్కన పెట్టి తేదీ తేదీకి పోల్చి చదవాలి.

భద్రపరచడం గురించి త్వరగా చెబుతాను. లామినేషన్ చేయించకండి, చేసిన కాగితాన్ని మళ్లీ మామూలు కాగితంగా మార్చడం దాదాపు అసాధ్యం. సెలోటేపు అంటించకండి. తుప్పు పట్టిన గుండుసూదులు తీసేయండి. కవర్లు పారేయకండి, తేదీ వేయని ఉత్తరానికి పోస్టు ముద్రే తేదీ. ముఖ్యమైనవి, కానివి అని మీరు వేరుచేయకండి, దొరికిన వరుసలోనే ఉంచండి.

చివరిగా, నన్ను ఎక్కువగా కదిలించే భయం గురించి. ఎనభై ఏళ్లు దాటిన ఒక అమ్మగారు తన ఉత్తరాల సంచిని ఒళ్లో పెట్టుకొని, ఇవ్వాలా వద్దా అని గంటసేపు కూర్చున్నారు. "మేము పోట్లాడుకున్నవి కూడా ఉన్నాయి బాబూ, మనవలు చదివితే ఏమనుకుంటారు?" అని అడిగారు. ఆమె భయంలో తప్పేమీ లేదు. ఉత్తరాలు ఒక మనిషి కోసం రాసినవి, లోకం కోసం రాసినవి కావు. అందుకే కాగితాలు ఇచ్చేటప్పుడు షరతులు పెట్టే హక్కు ఇచ్చేవారికి ఉంటుంది: నా తదనంతరం ఇన్నేళ్ల దాకా తెరవకూడదని, ఫలానా కట్టను ఎవరికీ చూపకూడదని రాయించుకోవచ్చు. మంచి ఆర్కైవులు అలాంటి మాటను నిలబెట్టుకుంటాయి. హిట్లర్‌ను ఎదిరించి 1945 జనవరిలో ఉరికంబమెక్కిన జర్మన్ న్యాయవాది హెల్ముట్ ఫాన్ మోల్ట్‌కే ఉత్తరాలను ఆయన భార్య ఫ్రేయా, నాజీల కంట పడకుండా తమ తేనెటీగల పెట్టెల్లో దాచారు. దశాబ్దాల తర్వాత అవి అచ్చయ్యాయి. అమ్మగారికి ఈ సంగతి చెప్పాను. ఆమె సంచిలోంచి ఏడు ఉత్తరాలు ఏరి పక్కన పెట్టుకొని, మిగిలినవి నా చేతికిచ్చి, ఆ ఏడింటినీ వేరే కవరులో పెట్టి లక్కతో మూయమన్నారు. కవరు మీద తెరవవలసిన సంవత్సరాన్ని తన చేత్తోనే రాశారు: 2060.