ఆ చివరి ‘ట’: ప్రముఖుల మరణవార్తలపై అపోహలు - వాస్తవాలు

రాత్రి షిఫ్టులో ఉన్న ఉపసంపాదకుణ్ని కుర్చీలోంచి లేపే మాట ఒకటుంది: ‘పోయారట’. పేరు ఎవరిదైనా కబురు వచ్చే తీరు ఇదే. తెలుగులో ఆ చివరి ‘ట’ చాలా పని చేస్తుంది. నేను చూడలేదు, ఎవరో అన్నారు, నిజం కావచ్చు, కాకపోనూవచ్చు అని ఒక్క అక్షరంలో చెప్పేస్తుంది. ఆధారం దొరికితే దాన్ని తీసేయాలి. దొరకకపోతే వార్తే ఆపాలి. పద్దెనిమిదేళ్లుగా మొదట పత్రికలో, తర్వాత టీవీలో నేను చేస్తున్నది ఈ ‘ట’కు కాపలా ఉద్యోగమే. మరణవార్తల్లో సంచలనం గురించి జనం నాతో అనే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను. మమ్మల్ని తిట్టేవాళ్లవీ ఉన్నాయి, మాలో మేము చెప్పుకొనే సాకులూ ఉన్నాయి.

అపోహ: ఛానెళ్లు కావాలనే అబద్ధాలు అల్లుతాయి.

వాస్తవం: అల్లేవాళ్లు లేరని అనను. కానీ ఎక్కువగా జరిగేది ఎత్తిరాయడం. డెస్కు ఎదుటి గోడ మీద పోటీ ఛానెళ్లన్నీ శబ్దం లేకుండా నడుస్తుంటాయి. ఒకదానిలో ఎర్రపట్టీ పడుతుంది. అది చూసి రెండోది వేస్తుంది. మూడోదానికి ‘రెండు చోట్ల వచ్చింది కదా’ అన్న ధైర్యం. నాలుగోది వేసేటప్పటికి మూడు ఆధారాలు ఉన్నట్టు లెక్క. తీరా చూస్తే అన్నిటి వెనకా ఉన్నది ఆసుపత్రి గేటు దగ్గర ఎవరి నోటో విన్న ఒక్క విలేకరి.

2025 నవంబరు 11న నటుడు ధర్మేంద్ర విషయంలో ఇదే జరిగింది. ఆయన ముంబయిలో చికిత్స పొందుతుండగానే పేరున్న సంస్థలు ఆయన మరణించారని ప్రకటించాయి. కొందరు నాయకులు సంతాపాలు కూడా చెప్పేశారు. కుమార్తె ఈశా దేఓల్, భార్య హేమమాలిని బయటికి వచ్చి ఖండించాల్సి వచ్చింది. ఇది క్షమించరానిదని హేమమాలిని రాశారు. మర్నాడు ఆయన ఇంటికి చేరుకున్నారు. నవంబరు 24న నిజంగానే కన్నుమూశారు.

పరాయివాళ్ల తప్పే చెప్పి ఊరుకుంటే అన్యాయం. ఒకప్పుడు నేనూ వేశాను. ఒక పెద్ద నటుడు ఆసుపత్రిలో ఉన్నారు. రాత్రి పదకొండున్నర దాటింది. గోడ మీద మూడు పట్టీలు పడ్డాయి. నేను ‘కన్నుమూత’ అని కొట్టాను. పావుగంటకు డెస్కు ఫోను మోగింది. అవతల ఒక అమ్మాయి. అరవలేదు, తిట్టలేదు. “తాతయ్య ఇప్పుడే మంచినీళ్లు అడిగారండీ” అంది. పట్టీ తీసేశాం. క్షమాపణ వేయలేదు. మర్నాడు ‘ఆరోగ్యం నిలకడగా ఉంది’ అని, మాకేమీ తెలియనట్టు, ఇంకో పట్టీ వేశాం. నాలుగు నెలల తర్వాత ఆయన పోయినప్పుడు నిర్ధారణ కోసం ఆ ఇంటికి ఫోను చేయాల్సింది నేనే. ముఖం చెల్లక పక్క కుర్చీలో ఉన్న అబ్బాయి చేత చేయించాను.

అపోహ: మనిషి బతికుండగానే సంస్మరణ రాసి పెట్టుకోవడం అమానుషం.

వాస్తవం: వినడానికి ఎబ్బెట్టుగా ఉంటుంది కానీ సంచలనానికి అంతకు మించిన విరుగుడు నాకు తెలియదు. సంచలనం పుట్టేది ఖాళీలో. చేతిలో సరుకు లేనివాడే ‘చివరి క్షణాల్లో ఏం జరిగింది’ అంటూ గంటలు నెట్టుకొస్తాడు. తీరిగ్గా రాసి, సరిచూసి పెట్టుకున్న జీవితకథ ఉంటే ఆ అవసరం రాదు. హాలీవుడ్ నటి ఎలిజబెత్ టేలర్ 2011లో మరణించినప్పుడు న్యూయార్క్ టైమ్స్ ప్రచురించిన సంస్మరణను రాసిన మెల్ గస్సో, ఆమెకంటే ముందే 2005లో చనిపోయారు. ప్రమాదమల్లా మీట నొక్కడంలో ఉంది. వార్తాసంస్థ బ్లూమ్‌బర్గ్ 2008లో, అప్పటికి బతికే ఉన్న ఆపిల్ అధినేత స్టీవ్ జాబ్స్ సంస్మరణను పొరపాటున విడుదల చేసింది. ఫ్రాన్స్ రేడియో ఆర్‌ఎఫ్‌ఐ 2020 నవంబరులో, బతికున్న వంద మంది దాకా ప్రముఖులను తన వెబ్‌సైటులో ఒకేసారి చంపేసింది.

అపోహ: ‘అనుమానాస్పద మృతి’గా కేసు నమోదైందంటే పోలీసులకు ఎవరి మీదో అనుమానం ఉన్నట్టే.

వాస్తవం: మా వృత్తిలో ఇంత నష్టం చేసిన మాట ఇంకొకటి లేదు. ఆత్మహత్య, ప్రమాదం, కారణం తెలియని హఠాన్మరణం, ఏదైనా సరే, పోలీసులు వచ్చి విచారించి శవపంచనామా రాయాలి, అవసరమైతే పోస్టుమార్టానికి పంపాలి. ఒకప్పుడు నేర శిక్షాస్మృతిలోని 174వ సెక్షన్, 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 194వ సెక్షన్ చెప్పేది ఇదే. దారిలో కుప్పకూలిన అనామకుడికీ ఇదే కాగితం, సినిమా తారకూ ఇదే. ఫలానావారిని అనుమానిస్తున్నామని ఆ కాగితం చెప్పదు. మరణానికి కారణం ఇంకా తేలలేదని మాత్రమే దాని అర్థం.

ఆ మాట శీర్షికలోకి ఎక్కేసరికి ‘కేసు నమోదు’ రాలిపోయి ‘అనుమానాస్పద మృతి’ మిగులుతుంది. స్టూడియోలో ఆ ‘అనుమానం’ ఒక మనిషి కోసం వెతుకుతుంది. భార్యో, ప్రియురాలో, మేనేజరో దొరుకుతారు. ‘విసెరా భద్రపరిచారు’ అన్నదీ ఇలాంటిదే. కాలేయం, మూత్రపిండం వంటి భాగాలను రసాయన పరీక్షకు పంపడం మామూలు తంతు. ఫలితానికి వారాలు పడుతుంది. దాన్ని ‘కేసులో కొత్త మలుపు’ అని వేసిన పట్టీలు నా చేతుల మీదుగానే ఎన్నో వెళ్లాయి. ఇప్పుడు నా డెస్కులో నియమం ఒక్కటే: ఆ పదం వేస్తే పక్కనే ‘కారణం తేలాల్సి ఉంది’ అని ఉండాలి. అంత చోటు లేదంటే పదమే వద్దు.

అపోహ: మొదట గుండె ఆగిందన్నారు, తర్వాత ఇంకేదో అన్నారు, కాబట్టి ఏదో దాస్తున్నారు.

వాస్తవం: దాస్తున్నారని చెప్పేముందు మా అనువాదాన్ని అనుమానించండి. కార్డియాక్ అరెస్ట్ అంటే గుండె కొట్టుకోవడం ఆగిపోవడం. అది ఏ కారణం వల్లనైనా జరగవచ్చు. గుండెపోటు వేరు, అది గుండె కండరానికి రక్తం అందకపోవడం. తొందరలో డెస్కు రెంటికీ ‘గుండెపోటు’ అనే రాస్తుంది. శ్రీదేవి 2018 ఫిబ్రవరి 24న దుబాయిలో మరణించారు. మొదట వచ్చిన మాట కార్డియాక్ అరెస్ట్. 26న అక్కడి పోలీసులు, స్పృహ తప్పి స్నానపు తొట్టెలో ప్రమాదవశాత్తు మునిగిపోయారని చెప్పారు. 27న ప్రాసిక్యూషన్ కేసు మూసి, భౌతికకాయాన్ని అప్పగించింది. మూడు రోజుల్లో మొత్తం తేలిపోయింది. విదేశంలో జరిగిన మరణానికి ఇది చాలా వేగం.

ఆ మూడు రోజులూ మన ఛానెళ్లు ఏం చేశాయి? తెర మీద తొట్టె బొమ్మలు గీశాయి, లోతు కొలిచాయి. ఒక విలేకరి అయితే ఏకంగా తొట్టెలోనే పడుకుని కెమెరాతో మాట్లాడాడు. నవ్వుకున్నాం. ఆ నవ్వులో నేనూ ఉన్నాను, మా సొంత గ్రాఫిక్స్ విభాగం అప్పటికే ఇంకో తొట్టె తయారుచేస్తున్నా కూడా.

అపోహ: ‘ఫలానావారు అంటున్నారు’ అని చెప్పినా, చివర ప్రశ్నార్థకం పెట్టినా మా బాధ్యత తీరినట్టే.

వాస్తవం: ఇది మా సాకు. ‘హత్యేనా?’ అని పెట్టిన శీర్షికను చదివేవాళ్లు ప్రశ్నలా చదవరు. ఆ కొక్కెం గుర్తు న్యాయవాదికి చూపించుకోవడానికే. వై.ఎస్. రాజశేఖరరెడ్డి 2009 సెప్టెంబరు 2న హెలికాప్టర్ ప్రమాదంలో మరణించారు. నాలుగు నెలలకు, 2010 జనవరిలో, ఆ ప్రమాదం వెనక ఒక వ్యాపార సంస్థ ఉందంటూ ఒక విదేశీ వెబ్‌సైటులో వచ్చిన కుట్ర కథనాన్ని తెలుగు టీవీ అందుకుంది. ‘వెబ్‌సైటు చెబుతోంది’ అనే అన్నారు. ఆ రాత్రి ఆ సంస్థ దుకాణాల మీద రాష్ట్రమంతటా దాడులు జరిగాయి, తర్వాత పాత్రికేయుల అరెస్టులూ జరిగాయి. రాళ్లు విసిరినవాళ్లకు ఆ ‘చెబుతోంది’ వినపడలేదు.

ఒకదాని వెనక ఒకటి జరిగిన రెండు సంగతుల్ని పక్కపక్కన పెట్టి ఊరుకోవడం కూడా ఈ కోవలోదే. తమిళ నటుడు వివేక్ 2021 ఏప్రిల్‌లో కొవిడ్ టీకా వేయించుకున్న రెండు రోజులకు గుండెపోటుతో మరణించారు. టీకాకు సంబంధం లేదని నిపుణుల కమిటీ తేల్చేటప్పటికి నెలలు గడిచాయి. ఈలోగా భయం ఊళ్లు దాటింది.

అపోహ: ఆత్మహత్యను వివరంగా చూపిస్తే చూసినవాళ్లు జాగ్రత్తపడతారు.

వాస్తవం: ఈ ఒక్కదానిలో మాత్రం నేను ఎవరితోనూ రాజీపడను. పరిశోధనలన్నిటినీ కలిపి చూసి 2020లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, ప్రముఖుల ఆత్మహత్య వార్తల తర్వాత ఆత్మహత్యలు 13 శాతం పెరిగాయి. పద్ధతిని వార్తలో చెప్పినప్పుడు అదే పద్ధతిలో మరణాలు 30 శాతం పెరిగాయి. తిరగేసి చూసినా అదే తేలుతుంది. వియన్నాలో 1987లో పాత్రికేయులు కొత్త మార్గదర్శకాలకు ఒప్పుకొని మెట్రో ఆత్మహత్యల వార్తలను తగ్గించారు. ఆ ఏడాది మొదటి ఆరు నెలలతో పోలిస్తే తర్వాతి ఆరు నెలల్లో మెట్రోలో అలాంటి ఘటనలు 80 శాతానికి పైగా పడిపోయాయి. నా కలం పట్టుకుని ఒక మనిషిని బతికించవచ్చని లెక్కలతో చూపించిన సందర్భం ఇంకోటి నాకు తెలియదు.

మన ప్రెస్ కౌన్సిల్ 2019 సెప్టెంబరులో ఇచ్చిన సూచనలు చిన్నవే: పద్ధతి వర్ణించవద్దు, స్థలం వివరాలు ఇవ్వవద్దు, ఫొటోలు, వీడియోలు వాడవద్దు, ప్రముఖంగా పెట్టి పదేపదే వేయవద్దు. వాటికి తోడు నేను కాపీలో రెండు మాటలు కొట్టేస్తాను. ఒకటి ‘ఆత్మహత్యకు పాల్పడ్డారు’. దోపిడీకి, అవినీతికి ‘పాల్పడతారు’. తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించి, ప్రయత్నించినవారిని శిక్షించవద్దని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెప్పాక ఆ క్రియ ఎందుకు? ‘ఆత్మహత్య చేసుకున్నారు’ చాలు. రెండోది ‘తాళలేక’. అవకాశాలు రాక తాళలేక, ప్రేమ విఫలమై తాళలేక. ఒక మనిషి చావుకు ఒకే కారణం అతికించి, అదే కష్టంలో ఉన్న ఇంకొకరికి దారి చూపించే మాట అది. వార్త చివర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416 తప్పక వేస్తాం. పట్టీలో చోటు లేదనేవాళ్లు ‘సంచలనం’ అన్న పదానికి చోటెలా దొరుకుతుందో చెప్పాలి.

అపోహ: పోయినవాళ్లకు చట్టం ఉండదు, ఏమైనా అనవచ్చు.

వాస్తవం: సగం నిజం. గోప్యత హక్కు మనిషితోనే పోతుందని, హిందీ నటుడు సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ తండ్రి వేసిన దావాలో ఢిల్లీ హైకోర్టు 2023లో చెప్పింది. కానీ చనిపోయినవారి పరువు తీస్తూ, కుటుంబాన్ని నొప్పించేలా మాట్లాడితే అది నేరమే. పాత శిక్షాస్మృతిలోని 499వ సెక్షన్ నుంచి ఇప్పటి న్యాయ సంహితలోని 356వ సెక్షన్ దాకా ఆ వివరణ కొనసాగుతోంది. సుశాంత్ 2020 జూన్‌లో మరణించాక, ఆయన తెర మీద క్రికెటర్ పాత్ర వేశారు కదా అని ‘హిట్ వికెట్’ అంటూ శీర్షిక పెట్టిన ఛానెల్ ఉంది. లేని ట్వీట్లను ఆయనవిగా చూపించినందుకు ప్రసార సంస్థల స్వీయ నియంత్రణ మండలి లక్ష రూపాయల జరిమానా, క్షమాపణ విధించింది. ఆత్మహత్య వార్తల్లో మృతుణ్ని బలహీనుడిగా చిత్రించవద్దని, నేరస్థలాన్ని పునఃసృష్టించవద్దని బొంబాయి హైకోర్టు 2021 జనవరిలో స్పష్టంగా రాసింది. ఆ తీర్పును డెస్కులో ఎంతమంది చదివారని అడిగితే నాకు చేతులు పెద్దగా కనిపించలేదు. లక్ష రూపాయల జరిమానా ఎవరికి నొప్పో మీరే ఊహించుకోండి.

అపోహ: ముందు వేసినవాడిదే గెలుపు.

వాస్తవం: 2020 జనవరి 26న అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు కోబీ బ్రయంట్ హెలికాప్టర్ కూలి మరణించిన వార్తను మొదట బయటపెట్టింది టీఎమ్‌జెడ్ అనే వినోద వార్తల వెబ్‌సైటు. కుటుంబాలకు కబురు చేరకముందే ప్రసార సాధనాల ద్వారా తెలియడం ఎంత దారుణమని స్థానిక పోలీసు అధిపతి (షెరీఫ్) విలేకరుల సమావేశంలోనే మండిపడ్డారు. ఆ ‘మొదటి’ స్థానం నాకు గుర్తున్నది ఆ మందలింపు వల్లనే.

మొన్నో రాత్రి కొత్తగా చేరిన కుర్రాడు కుర్చీ వెనక్కి తిప్పి, “సార్, పోయారట. వేద్దామా?” అన్నాడు. ఎవరు చెప్పారని అడిగాను.

“నాలుగు ఛానెళ్లలో వస్తోంది సార్.”

“వాళ్లకెవరు చెప్పారు?”

కాసేపు గోడ వైపు చూసి ఫోను తీశాడు. ఆసుపత్రివాళ్లు ఎత్తలేదు. కుటుంబసభ్యుల నంబరు వెతికి కలిపాడు, మోగి ఆగిపోయింది. గోడ మీద అయిదో ఛానెల్ కూడా నల్ల అంచు వేసి పాత పాట పెట్టేసింది. వాడు నా వైపు చూశాడు. మళ్లీ చేయమన్నాను.