ఫ్యాక్టరీల్లో పర్యావరణ ఆడిట్, కరెంటు పొదుపు: అపోహలు - వాస్తవాలు

పైడిభీమవరం మందుల యూనిట్లు, బొబ్బిలి, గరివిడి వైపు ఫెర్రో ఎల్లాయ్స్ (ఇనుప మిశ్రమ లోహాల) ఫర్నేసులు, నెల్లిమర్ల, రాజాం జూట్ మిల్లులు, పలాస జీడి పిక్కల ఫ్యాక్టరీలు, ఊరూరా రైస్ మిల్లులు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పరిశ్రమ ఏదైనా ఆఫీసులో ఏర్పాటు మాత్రం ఒకటే: పర్యావరణం ఫైలు ఒకరి బీరువాలో, కరెంటు బిల్లులు ఇంకొకరి బీరువాలో. ఈ రెండూ ఒక టేబుల్ మీదికి రావు. చిమ్నీ నుంచి పోయే వేడి, డ్రెయిన్‌లో పడే వేడినీళ్లు, పైపు జాయింట్ దగ్గర బుస్సుమనే గాలి, అన్నీ డబ్బు పెట్టి కొన్నవే. కాలుష్యం లెక్క, కరెంటు లెక్క కలిపి చూస్తే తప్ప ఆ నష్టం కళ్లకు కనపడదు. కింద రాసిన అపోహలన్నీ ఈ రెండు లెక్కలను విడదీయడంలోంచి పుట్టినవే.

అపోహ: పర్యావరణ ఆడిట్ అంటే కాలుష్య నియంత్రణ బోర్డుకు పంపే కాగితం. కన్సల్టెంట్ చూసుకుంటాడు.

వాస్తవం: 1986 పర్యావరణ పరిరక్షణ నియమాల్లో 14వ నియమం ప్రకారం, నీటి చట్టం, గాలి చట్టం కింద కన్సెంట్ (మండలి అనుమతి) అవసరమైన యూనిట్లు మార్చి 31తో ముగిసిన సంవత్సరానికి ఫారం-5లో పర్యావరణ నివేదిక తయారుచేసి సెప్టెంబర్ 30లోగా కాలుష్య నియంత్రణ మండలికి పంపాలి. ఆ ఫారంలో ఒక భాగం టన్ను సరుకుకు ఎన్ని నీళ్లు, ఎంత ముడిసరుకు వాడారో పోయిన ఏడాది, ఈ ఏడాది పక్కపక్కన రాయమంటుంది. ఇంతకంటే పనికొచ్చే పొదుపు పట్టిక ఇంకోటి ఉండదు. దురదృష్టం ఏమిటంటే చాలాచోట్ల పాత ఫారంలో తేదీ మార్చి, అంకెలు కాస్త అటూ ఇటూ చేసి పంపేస్తారు.

నిజంగా నింపాలంటే నీళ్ల లెక్కతో మొదలుపెట్టండి. బోరు, ట్యాంకర్ మీటర్లలో వచ్చిన నీళ్లు ఒక వైపు. సరుకులో కలిసినవి, కూలింగ్ టవర్‌లో ఆవిరైనవి, బాయిలర్ బ్లోడౌన్ (లవణాలు పేరుకోకుండా బయటికి వదిలే నీళ్లు), ఈటీపీకి (వ్యర్థజలాల శుద్ధి ప్లాంటుకు) చేరినవి, క్యాంటీన్, మరుగుదొడ్ల వాడకం ఇంకో వైపు. కూలింగ్ టవర్‌లో 10 లక్షల కిలో కేలరీల వేడి వదిలితే సుమారు 1.8 ఘనమీటర్ల నీరు ఆవిరవుతుంది, కాబట్టి ఆ అంకెను ఊహించనక్కర్లేదు. రెండు వైపులకూ 10 శాతం మించి తేడా వస్తే ముందు టవర్ బేసిన్ ఫ్లోట్ వాల్వ్ చూడండి. అది సరిగా మూసుకోకపోతే ఓవర్‌ఫ్లో పైపులోంచి రాత్రంతా నీళ్లు పోతాయి. శుద్ధి రసాయనాలు కలిపిన నీళ్లు, బోరు మోటారు కరెంటు రెండూ దాంతోపాటే పోతాయి.

ప్రమాదకర వ్యర్థాల సంగతీ ఇంతే. 2016 నియమాల ప్రకారం మామూలుగా 90 రోజులకు మించి నిల్వ ఉంచకూడదు. ఫారం-3లో రోజువారీ లెక్క, పంపేటప్పుడు ఫారం-10 మానిఫెస్ట్ (రవాణా చీటీ), జూన్ 30లోగా ఫారం-4 వార్షిక రిటర్న్ ఉండాలి. ఈ మూడింటి మొత్తాలు ఒకదానితో ఒకటి కలవాలి. ఆడిటర్ మొదట చూసేది అదే. మన తీరంలో అక్టోబర్ తుపానుల నెల. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ ఆ నెలలోనే తీరం దాటాయి. వ్యర్థాల షెడ్డు రేకుల బోల్టులు, చుట్టూ కట్టిన గట్టు, బయటికి పోయే వాన కాలువ వాల్వ్ సెప్టెంబర్‌లోనే చూసుకోవాలి. గెడ్డలోకి (వాగులోకి) ఒకసారి కొట్టుకుపోయిన బురదను తిరిగి తేలేం.

అపోహ: ఐఎస్‌ఓ 14001 సర్టిఫికెట్ ఉంది, ఇక అన్నీ సక్రమమే.

వాస్తవం: ఆ ప్రమాణం పద్ధతి ఎలా ఉండాలో చెబుతుంది. చిమ్నీలో ఎంత ధూళి ఉండవచ్చో, ఈటీపీ నీళ్లలో సీఓడీ (నీటి కాలుష్యాన్ని ఆక్సిజన్ అవసరంతో కొలిచే అంకె) ఎంత ఉండవచ్చో చెప్పదు. ఆ అంకెలు మీ కన్సెంట్ ఆర్డర్‌లో ఉంటాయి. కరెంటు, ఇంధనం పద్ధతికి వేరే ప్రమాణం ఉంది, ఐఎస్‌ఓ 50001.

అపోహ: కాలుష్య నియంత్రణ యంత్రాలే కరెంటు తింటాయి. రాత్రి ఆపేస్తే మిగులుతుంది.

వాస్తవం: చట్టం సంగతి పక్కన పెట్టి డబ్బు లెక్కే చూద్దాం. ఈటీపీలో సూక్ష్మజీవులకు గాలి ఊదే ఏరేషన్ ట్యాంకులో బ్లోయర్ ఆపిన కొన్ని గంటల్లోనే కరిగిన ఆక్సిజన్ సున్నాకు పడిపోతుంది. గాలి కావలసిన సూక్ష్మజీవులు చావడం మొదలవుతుంది, బురద నల్లబడి వాసన వస్తుంది, బురదను అడుగుకు దింపే క్లారిఫయర్ ట్యాంకులో తేలుతుంది. మళ్లీ దారికి రావడానికి రోజులు పడుతుంది. ఆ రోజుల్లో సగం శుద్ధి అయిన నీళ్లను ఎక్కడ పెడతారు? బ్లోయర్ మీద పొదుపు ఉన్నమాట నిజమే, కానీ అది ఆపడంలో లేదు. ట్యాంకులో ఆక్సిజన్ లీటరుకు 2 మిల్లీగ్రాములు ఉంటే సాధారణంగా చాలు. చాలాచోట్ల 4, 5 దాకా ఊదుతారు. మీటరు పెట్టి బ్లోయర్ వేగం తగ్గించండి.

పొగలోని ధూళిని గుడ్డ సంచులతో పట్టే బ్యాగ్ ఫిల్టర్ దగ్గర ఇంకా లోతైన సంగతి ఉంది. ఫెర్రో ఎల్లాయ్స్ యూనిట్‌లో గంటకు లక్ష ఘనమీటర్ల పొగను లాగే ఐడీ ఫ్యాన్ తీసుకోండి. బ్యాగులు మూసుకుపోయి వాటికి అటూ ఇటూ ఒత్తిడి తేడా 50 మిల్లీమీటర్ల నీటిమట్టం అదనంగా పెరిగితే, అంతే గాలి లాగడానికి ఫ్యాన్ 65 శాతం సామర్థ్యంతో లెక్కిస్తే దాదాపు 21 కిలోవాట్ల బలం ఎక్కువ కావాలి. ఏడాదికి 8,000 గంటలు నడిస్తే 1,68,000 యూనిట్లు. వేగం పెంచకుండా వదిలేస్తే లాగుడు తగ్గి పొగ హుడ్ పక్కనుంచి షెడ్డులోకి వస్తుంది.

బ్యాగులు ఎందుకు మూసుకుపోతాయి? ఎక్కువసార్లు తప్పు బ్యాగులది కాదు, వాటిని దులపడానికి కంప్రెసర్ నుంచి పల్సులుగా (దెబ్బదెబ్బగా) వదిలే గాలిది. మన సముద్రపు గాలిలో తేమ ఎక్కువ. కంప్రెసర్ రిసీవర్ కింద డ్రెయిన్ పనిచేయకపోతే పల్స్ గాలితోపాటు నీటి తుంపర బ్యాగు మీద పడుతుంది, ధూళి పిడకలా అంటుకుపోతుంది. తర్వాత ఎన్ని పల్సులు కొట్టినా రాలదు. ఫిల్టర్ పైకెక్కి చెవి పెట్టి వినండి. బాగున్న పల్స్ వాల్వ్ 'ఠప్' మని కొట్టి ఊరుకుంటుంది. డయాఫ్రమ్ (లోపలి పలుచని పొర) చిరిగినది ఆగకుండా బుస్సుమంటుంది. ఆ ఒక్క డయాఫ్రమ్ మార్చకపోతే కంప్రెసర్, ఐడీ ఫ్యాన్ రెండూ బిల్లు పెంచుతాయి, చిమ్నీ రీడింగ్ కూడా చెడుతుంది.

అపోహ: గాలి లీకే కదా, దానికేం ఖర్చు?

వాస్తవం: 7 బార్ ఒత్తిడి దగ్గర నిమిషానికి 1 ఘనమీటరు గాలి తయారుకావడానికి సుమారు 6 కిలోవాట్లు పడుతుంది. 3 మిల్లీమీటర్ల రంధ్రంలోంచి నిమిషానికి 0.6 ఘనమీటర్లకు పైనే పోతుంది. అంటే ఏడాదికి దాదాపు 30,000 యూనిట్లు. యూనిట్ 7 రూపాయలు అనుకుంటే 2 లక్షల రూపాయలు ఒక్క చిల్లులోంచి పోయినట్టు.

లీకు ఎంతో తెలుసుకోవడానికి ఏ కంపెనీనీ పిలవక్కర్లేదు. ఆదివారం ఉత్పత్తి ఆగినప్పుడు గాలి వాడే యంత్రాలన్నీ ఆపి, లైన్ వాల్వులు తెరిచే ఉంచి ఒక్క కంప్రెసర్ నడపండి. ఒత్తిడి నిండాక అన్‌లోడ్ అవుతుంది (గాలి నింపడం ఆపుతుంది), లీకుల వల్ల ఒత్తిడి పడిపోతే మళ్లీ లోడ్ అవుతుంది (నింపడం మొదలుపెడుతుంది). లోడ్ సమయం, అన్‌లోడ్ సమయం నాలుగైదు సార్లు రాసి సగటు తీయండి. లోడ్ 90 సెకన్లు, అన్‌లోడ్ 210 సెకన్లు వస్తే 90ని 300తో భాగించాలి, లీకు 30 శాతం. కంప్రెసర్ నిమిషానికి 10 ఘనమీటర్లదైతే 3 ఘనమీటర్లు, అంటే 18 కిలోవాట్లు గాల్లో కలుస్తున్నాయి. తర్వాత సబ్బు నీళ్లతో వెతకండి: హోస్ క్లిప్పులు, క్విక్ కప్లింగులు, ఫిల్టర్ రెగ్యులేటర్ గిన్నెలు, పాత యంత్రానికి పోయే మూయని లైను.

లీకుల వల్ల చివర ఒత్తిడి చాలక కంప్రెసర్ సెట్టింగ్ పెంచేయడం ఇంకో పొరపాటు. ఒక బార్ పెంచితే కరెంటు 6, 7 శాతం పెరుగుతుంది, అదే చిల్లుల్లోంచి గాలి ఇంకా ఎక్కువ పోతుంది. కంప్రెసర్ గదిలో వేడి గాలి తిరిగి లోపలికే పీలుస్తోందేమో కూడా చూడండి. లోపలికి పోయే గాలి 4 డిగ్రీలు పెరిగితే కరెంటు 1 శాతం పెరుగుతుంది.

అపోహ: టన్నుకు యూనిట్లు పెరిగాయంటే యంత్రాలు పాడైనట్టే.

వాస్తవం: ఒక నెలలో 400 టన్నులకు 2,20,000 యూనిట్లు కాలాయి. టన్నుకు 550. ఇంకో నెల ఆర్డర్లు లేక 200 టన్నులే చేశారు, 1,40,000 యూనిట్లు కాలాయి. టన్నుకు 700. యజమాని ఫోర్‌మన్ మీద కేకలేస్తాడు. కానీ తేడా చూడండి: 200 టన్నులకు 80,000 యూనిట్లు, అంటే టన్నుకు 400 చొప్పున. మిగతా 60,000 యూనిట్లు సరుకు చేసినా చేయకపోయినా ప్రతి నెలా కాలుతున్నవే. నెలకు 720 గంటలతో భాగిస్తే ఎప్పుడూ 83 కిలోవాట్లు నడుస్తున్నట్టు. ఫోర్‌మన్ తప్పేమీ లేదు.

కనీసం 12 నెలల బిల్లులు, ఉత్పత్తి అంకెలు గ్రాఫ్ కాగితం మీద చుక్కలు పెట్టి గీత గీయండి. గీత నిలువు అక్షాన్ని ఎక్కడ తాకిందో అదే మీ స్థిరభారం. ఆ 83 కిలోవాట్లు ఏవో పట్టుకోవడానికి సెలవు రోజు రాత్రి క్లాంప్ మీటర్‌తో (తీగ చుట్టూ బిగించి కరెంటు కొలిచే మీటర్‌తో) ఫీడర్ ఫీడర్‌కీ (ప్రతి సరఫరా లైనుకూ) తిరగాలి. ఖాళీగా తిరిగే కూలింగ్ నీళ్ల పంపు, అన్‌లోడ్‌లో కూడా పూర్తి లోడ్ కరెంటులో మూడో వంతు లాగే స్క్రూ కంప్రెసర్, ఏసీలు, లోడ్ లేని ట్రాన్స్‌ఫార్మర్లు దొరుకుతాయి. పైసా పెట్టుబడి లేని పొదుపు ఎక్కువగా ఇక్కడే ఉంటుంది. ఆడిట్ తర్వాత పొదుపు వచ్చిందా లేదా అన్నది కూడా ఈ గీతతోనే తేలాలి. ఉత్పత్తి తగ్గిన నెల బిల్లు చూపించి పొదుపు అనేవాళ్లను నమ్మకండి.

అపోహ: వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే పరికరం) పెడితే 30 శాతం పొదుపు ఖాయం.

వాస్తవం: వేగానికి ఘనంలో కరెంటు తగ్గడం ఫ్యాన్లకు, పైపు రాపిడే ప్రధానమైన పంపులకు వర్తిస్తుంది. నీళ్లను 30 మీటర్ల ఎత్తు ట్యాంకుకు ఎక్కించే పంపు వేగం తగ్గిస్తే ఒక హద్దు దాటాక నీళ్లే ఎక్కవు. ఎప్పుడూ పూర్తి వేగంతో తిరగాల్సిన చోట వీఎఫ్‌డీ తన నష్టం 2 నుంచి 4 శాతం అదనంగా తింటుంది. వాల్వ్ లేదా డ్యాంపర్ (గాలి దారిని మూసే రేకు) సగం మూసి నడుపుతున్నచోటే పెట్టండి.

మోటార్ల సంగతి: 37 కిలోవాట్ల మోటారు 37 లాగుతోందని నేమ్‌ప్లేట్ చూసి లెక్క రాయకూడదు, పవర్ ఎనలైజర్‌తో కొలవాలి. పాతది తీసి ఐఈ3 (ఎక్కువ సామర్థ్యం తరగతి) మోటారు పెడితే అది కొంచెం వేగంగా తిరుగుతుంది. ఫ్యాన్ 1450 నుంచి 1480 ఆర్‌పీఎంకు పెరిగితే దాని బలం 6 శాతం ఎక్కువ కావాలి, కొత్త మోటారు మిగిల్చింది అందులోనే పోతుంది. బెల్టు ఫ్యాన్ అయితే మోటారు పుల్లీ వ్యాసం 2 శాతం తగ్గించండి.

అపోహ: కెపాసిటర్లు, సోలార్ ఉన్నాయి, ఇంకేం చూడక్కర్లేదు.

వాస్తవం: మన హెచ్‌టీ (హై టెన్షన్) బిల్లు కేవీఏహెచ్ (పని చేయని రియాక్టివ్ పవర్ కూడా కలిపిన లెక్క) మీద వస్తుంది కాబట్టి పవర్ ఫ్యాక్టర్ (తీసుకున్న దానిలో పనికొచ్చే భాగం) పెరిగితే బిల్లు తగ్గుతుంది, మంచిదే. కానీ కెపాసిటర్ బతికే ఉందో లేదో ఆంపియర్లు చూస్తేనే తెలుస్తుంది. 440 వోల్టుల 25 కేవీఏఆర్ సామర్థ్యం ఉన్న కెపాసిటర్ 415 వోల్టుల దగ్గర ఫేజుకు సుమారు 31 ఆంపియర్లు తీసుకోవాలి. 20 తీసుకుంటే మార్చే సమయం వచ్చింది. వీఎఫ్‌డీలు ఎక్కువ ఉంటే డీట్యూన్డ్ రియాక్టర్ (అవి కరెంటులో పుట్టించే అలజడి నుంచి కాపాడే కాయిల్) లేకుండా కెపాసిటర్లు ఉబ్బుతాయి. సోలార్ పెట్టాక చాలామందిని కలవరపెట్టే సంగతి, గ్రిడ్ వైపు పవర్ ఫ్యాక్టర్ పడిపోవడం. సోలార్ కిలోవాట్లు ఇస్తుంది, రియాక్టివ్ పవర్ మాత్రం మునుపటిలా గ్రిడ్ నుంచే వస్తుంది. ప్యానెళ్లతోపాటు కెపాసిటర్ల లెక్క కూడా మళ్లీ వేయించాలి.

అపోహ: పొగ తెల్లగా ఉంటే బాయిలర్ బాగా మండుతున్నట్టే.

వాస్తవం: నల్లపొగ అంటే గాలి చాలలేదు లేదా సరిగా కలవలేదు. తెల్లగా ఉన్నంత మాత్రాన గాలి సరిపడా ఉందని కాదు, అవసరానికి మూడింతలు పోతూ ఉండవచ్చు. ఫ్లూ గ్యాస్‌లో (చిమ్నీకి పోయే పొగలో) ఆక్సిజన్ శాతం కొలవండి. దాన్ని 21లోంచి తీసేస్తే వచ్చే అంకెతో భాగించి 100తో గుణిస్తే అదనపు గాలి శాతం. ఆక్సిజన్ 6 ఉంటే 40 శాతం, 12 ఉంటే 133 శాతం. ఆ గాలినంతా వేడిచేసి చిమ్నీలోకి వదులుతున్నారు. ఊక, తొక్క వేసే తలుపు తెరిచి వదిలేయడం, ఐడీ ఫ్యాన్ డ్యాంపర్ పూర్తిగా తీసి ఉంచడం దీనికి ముఖ్య కారణాలు.

పలాస వైపు జీడి పిక్క తొక్కలో నూనె ఉంటుంది. తట్టలు తట్టలు ఒకేసారి పోస్తే నూనె ఒక్కసారిగా ఆవిరై, మండే లోపే ఘాటు పొగగా బయటపడుతుంది. కొద్దికొద్దిగా తరచూ వేయాలి, మండే తొక్క పొర పైనుంచి సెకండరీ (అదనపు) గాలి ఇవ్వాలి. ఊరివాళ్ల కళ్లమంట, మీ ఇంధనం వృథా ఒకే పొగలో ఉన్నాయి.

స్టీమ్ ట్రాప్ (ఆవిరిని ఆపి, చల్లబడిన నీళ్లను మాత్రం వదిలే వాల్వ్) తెరుచుకుని ఉండిపోతే 7 బార్ దగ్గర 3 మిల్లీమీటర్ల రంధ్రంలోంచి గంటకు 30 కిలోల దాకా ఆవిరి పోతుంది. 8,000 గంటలకు 240 టన్నులు, ఊక లెక్కలో 65, 70 టన్నులు. ఫీడ్ వాటర్ (బాయిలర్‌కు పోసే నీళ్లు) వేడి పెరిగిన ప్రతి 6 డిగ్రీలకీ ఇంధనం సుమారు 1 శాతం మిగులుతుంది కాబట్టి కండెన్సేట్‌ను (ఆవిరి చల్లబడి వచ్చే వేడినీళ్లను) డ్రెయిన్‌లో పోయకండి, ఈటీపీకీ భారం తగ్గుతుంది.

మందుల యూనిట్లలో అయితే అసలు ఖర్చు ఎంఈఈ (ఉప్పు నీళ్లను ఆవిరితో మరిగించి ఇంకించే యంత్రం) దగ్గర ఉంది. లవణాలు తక్కువ ఉన్న కడుగుడు నీళ్లను ఉప్పు నీళ్ల ట్యాంకులో కలిపేస్తే, ఆర్‌ఓతో కొద్ది యూనిట్ల కరెంటుతో తేలాల్సిన నీటిని ఆవిరి పెట్టి మరిగించాల్సి వస్తుంది. రియాక్టర్ దగ్గరే రెండు పైపులు వేరుగా ఉండాలి, ఆపరేటర్ చేతి దగ్గర రంగు గుర్తులు ఉండాలి.

అపోహ: ఎనర్జీ ఆడిట్ పెద్ద కంపెనీలకే.

వాస్తవం: 2001 ఇంధన పొదుపు చట్టం కింద తప్పనిసరి ఆడిట్ డిజిగ్నేటెడ్ కన్స్యూమర్లకే (ప్రభుత్వం గుర్తించిన భారీ వినియోగదారులకే). చిన్న మిల్లు సొంతంగా చేయించుకోవడానికి ఏ అడ్డూ లేదు. చేయించేటప్పుడు ప్రతి సూచన దగ్గరా మూడు అంకెలు అడగండి: కొలిచిన రీడింగ్, ఏ లోడ్ దగ్గర కొలిచారు, ఏడాదికి నిజంగా నడిచే గంటలు. రైస్ మిల్లు సీజన్‌లో నడిచేదైతే ఆ గంటలు మీ లాగ్ పుస్తకంలోంచే రావాలి. మధ్యాహ్నం ఒక్క రీడింగ్ తీసి 8,000తో గుణించి ఉంటే ఆ పేజీ వెనక్కి పంపి మళ్లీ కొలవమనండి.