తొట్టెల అయిపోయినంక కూడా ఏడుస్తుంటే

మా చిన్నమ్మ బిడ్డ రెండో కాన్పుకు దేవరకొండ దిక్కు తల్లిగారింటికొచ్చింది. మళ్ళా ఆడపిల్లే, మా మరిది పుణెల బిల్డింగ్ పనికి పోయిండు. నేను చూడబోయేసరికి నెల దాటింది. పిల్ల చీర తొట్టెల మంచిగ పండుకుంది, ఇదేమో నెత్తికి గుడ్డ, చెవుల్ల దూది పెట్టుకుని మంచం మీద కూసొని ఫ్యాన్ దిక్కే చూస్తుంది, పక్కన వెల్లిపాయ కారం కలిపిన అన్నం ఎండి కంచానికి అతుక్కుపోయింది. "పిల్ల పండుకున్నప్పుడన్న నువ్వు జర కన్ను మూయొచ్చు కదనే" అన్న. "నిద్ర రాదక్కా" అంది, అంతే. చిన్నమ్మ వంటింట్లకెళ్లి "నఖరాలు బిడ్డా, మేం కనలేదా" అంటది, పక్కింటామె గాలి సోకిందని అప్పటికే తాయత్తు కట్టించింది.

ఆ నిద్ర మాటనే పట్టుకోవాలె. పిల్ల లేపుతుంటే నిద్ర లేకపోవుడు ప్రతి బాలింతకు ఉండేదే, కానీ పిల్ల పండుకున్నా, ఒళ్ళు అలిసిపోయున్నా కన్ను మూతపడకపోతే అది కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ గుర్తుల్ల ఒకటి.

కాన్పయిన మూడో నాలుగో దినం నుంచి ఊరికే ఏడుపు రావుడు, చిరాకు, మళ్ళా కాసేపటికి నవ్వు, ఇది సగానికంటే ఎక్కువ మంది తల్లులకు వస్తది, బేబీ బ్లూస్ అంటరు. మందు అక్కర్లేదు, రెండు వారాల్ల దానంతటదే పోతది. అంటే ఇరవై ఒకటో దినం తొట్టెల చేసేనాటికి మనిషి తేరుకోవాలె. తొట్టెల దాటినా అట్లనే ఉంటే చూపించాలె, ఇది నేను పెట్టుకున్న గుర్తు, డాక్టర్లు రెండు వారాలనే చెప్తరు. అట్లని తొట్టెల నాడు నవ్వింది కదా అని నిమ్మలంగ ఉండొద్దు, డిప్రెషన్ మొదటి ఏడాదిల ఎప్పుడైనా రావొచ్చు, అత్తగారింటికి పోయి చేసిపెట్టేటోళ్ళు లేనప్పుడు కూడా.

ఎందుకొస్తదంటే ఒక్క కారణం లేదు. కడుపుతో ఉన్నన్ని నెలలు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ పెరుగుకుంట పోయి, మాయ పడంగనే కొన్ని దినాల్లనే దబ్బున పడిపోతయి. ప్రొజెస్టెరాన్ నుంచి తయారయ్యే అల్లోప్రెగ్ననలోన్ అనేది మెదడును నిమ్మళపరిచే పదార్థం, అది కూడా దాంతోనే పడిపోతది. దాన్నే మందు చేసి ఎక్కిస్తే డిప్రెషన్ తగ్గుతుందని తేలినంక 2019ల అమెరికాల పర్మిషన్ ఇచ్చిన్రు. ఇంక నఖరాలు ఎక్కడున్నయి ఇందుల? థైరాయిడ్ కూడా కాన్పు తర్వాత దెబ్బతినొచ్చు, అదొకసారి చూపించుకోవాలె.

అయితే అంతా హార్మోన్లే కాదు. ఇండియాల జరిగిన స్టడీలు కలిపి 2017ల లెక్క కడితే 22 శాతం తల్లులకు ఈ డిప్రెషన్ ఉంది, ఐదుగురిల ఒకరు. గోవాల 2002ల అచ్చయిన ఒక స్టడీల పేదరికం, మొగుడి కొట్టుడు, మళ్ళా ఆడపిల్ల పుట్టుడు, ఇవన్నీ దీనికి కారణాలుగ కనపడ్డయి. కేసీఆర్ కిట్ల ఆడపిల్లకు సర్కారు వెయ్యి ఎక్కువ కలిపి 13,000 ఇచ్చింది గానీ ఇంట్లోళ్ళ మొఖాలకు ఏ కిట్టు ఇస్తం.

ఆశా అక్క ఇంటికి 3, 7, 14, 21, 28, 42 దినాలల్ల వస్తది, పిల్ల బరువు, జ్వరం, బొడ్డు చూస్తది. తల్లి మనసు గురించి కూడా అప్పుడే అడగొచ్చు కదా అనిపిస్తది నాకు. పాకిస్తాన్‌ల రావల్పిండి పల్లెల్ల ఇట్లనే చేసిన్రు, ఇంటింటికి తిరిగే ఆరోగ్య కార్యకర్తలకు నేర్పించి డిప్రెషన్ ఉన్న తల్లులతోని మాట్లాడించిన్రు. 2008ల రిజల్ట్స్ వచ్చినయి, పిల్లకు ఆరు నెలలొచ్చేసరికి అట్ల మాట్లాడిన తల్లుల్ల 23 శాతానికే డిప్రెషన్ మిగిలింది, మామూలుగ ఇంటికి పోయొచ్చిన కాడ 53 శాతం. సైకియాట్రిస్టు కూడా కాదు వాళ్ళు.

అడగడానికి 1987ల ఎడిన్‌బర్గ్‌ల తయారుచేసిన పది ప్రశ్నల కాగితం ఉంది, పోయిన ఏడు దినాల గురించే, ఐదు నిమిషాల పని. పదో ప్రశ్న, నీకు నువ్వు ఏమన్నా చేసుకోవాలనిపించిందా అని. దానికి అవునంటే మిగతా మార్కులు లెక్కపెట్టుకుంట కూసోవద్దు, వెంటనే చూపించాలె.

కాన్పు తర్వాత వచ్చే జబ్బు ఇంకొకటుంది, వెయ్యి మంది తల్లుల్ల ఒకరిద్దరికి వస్తది, ఎక్కువగ మొదటి రెండు వారాల్లనే. లేనివి వినపడుడు, పిల్ల మీద వింత అనుమానాలు, సంబంధం లేని మాటలు, మనోళ్ళు సన్ని కమ్మింది అంటరు చూడుండ్రి, అదే. దానికి దర్గా, గుడి తిరగొద్దు, తల్లిని పిల్లను ఒంటరిగ వదలకుండ అదే రోజు దవాఖానకు తీసుకపోవాలె.

మా దాన్ని నల్గొండల డాక్టర్‌కు చూపించినం. గోలీలు రాస్తే చిన్నమ్మ మొదటి ప్రశ్న పాల గురించే, పాలిచ్చే తల్లులకు పనికొచ్చే మందులున్నయని, సెర్ట్రలిన్ అట్లాంటిదేనని ఆమెనే కూసోబెట్టి చెప్పిన్రు. దవాఖాన దూరమైతే మనసు బాధలకు సర్కారు పెట్టిన హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, ఫ్రీ, తెలుగుల మాట్లాడతరు. తాయత్తు ఇంకా చేతికే ఉంది, ఉండనీ అన్న.

మొన్న ఫోన్ చేస్తే చిన్నమ్మ ఎత్తి, గుసగుసగ, "పండుకుంది బిడ్డా, లేపను, పొద్దుగూకినంక చెయ్" అని పెట్టేసింది.