ఒడి చాలదు, పక్క కుదరదు

కోనసీమలో పుట్టింట పురుడు పోసుకున్న అమ్మాయి మూడో నెలలోనో అయిదో నెలలోనో బిడ్డతో అత్తారింటికి బయల్దేరుతుంది. అత్తారిల్లంటే ఇప్పుడు చాలామందికి హైదరాబాదే. సారె సామానంతా డిక్కీలో సర్దుతారు. కాజాల డబ్బాలు దొర్లకుండా తువ్వాళ్ళు కుక్కుతారు, పూతరేకులు నలక్కుండా పైన పెడతారు. పిల్లని మాత్రం వెనక సీట్లో అమ్మమ్మ ఒళ్ళో పడుకోబెడతారు. ఈ ఏర్పాటులో పూతరేకులకున్న భద్రత పిల్లకి లేదు.

ఎందుకో చిన్న లెక్కతో తేలుతుంది. గంటకి 50 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి దాదాపు 14 మీటర్లు. ఆ వేగంలో కారు దేన్నో గుద్దుకుని, ముందుభాగం నలుగుతూ అరమీటరు దూరంలో ఆగిపోయిందనుకుందాం. లోపలున్న ప్రతిదాన్నీ అంతే దూరంలో ఆపాలంటే దాని బరువుకి 20 రెట్ల బలం కావాలి. 3 కిలోల పిల్లని పట్టి ఆపడమంటే ఆ క్షణంలో 60 కిలోల బస్తాని పట్టుకోవడమే. అదీ సెకనులో పదో వంతు కన్నా తక్కువ సమయంలో. అమ్మమ్మ ప్రేమకి కొదవ లేదు గానీ, అంత పట్టు వస్తాదు చేతులకీ ఉండదు. ఆవిడ బెల్టు పెట్టుకోకపోతే ఇంకా ఘోరం, ఆవిడ బరువంతా వెనకనుంచి పిల్లమీదే పడుతుంది. తన బెల్టులోకే పిల్లనీ కలిపి బిగించుకోవడం అన్నిటికన్నా చెడ్డ ఉపాయం. ఆ పట్టీకీ పెద్ద ఒంటికీ మధ్య నలిగేది పిల్లే.

అందుకే పసిపిల్లల కోసమే చేసిన ప్రత్యేకమైన కారు సీటు కావాలి. అది కూడా వెనక్కి తిరిగి ఉండాలి, అంటే పిల్ల ముఖం కారు వెనక అద్దం వైపు ఉండాలి. అప్పుడే పుట్టిన బిడ్డ పొడవులో నాలుగో వంతు తలే. మెడ ఎముకల్లో ఇంకా మెత్తటి మృదులాస్థే ఎక్కువ. మెడ నిలిచేది మూడో నెల దాటాక. ముఖం ముందుకి పెట్టి కూర్చోబెడితే గుద్దుకున్నప్పుడు ఒంటిని బెల్టు ఆపుతుంది, తలని ఆపేది ఉండదు. ఆ బరువైన తల లాగే లాగుడంతా మెడమీద పడుతుంది. వెనక్కి తిప్పి పెడితే తల, మెడ, వీపు మూడూ ఒకేసారి సీటు డొప్పకి ఆనుకుంటాయి, దెబ్బ వీపంతా పరుచుకుంటుంది. యూరప్‌లో అమల్లో ఉన్న ఆర్129 నిబంధన ప్రకారం 15 నెలలు నిండేదాకా ముందుకి తిప్పకూడదు. మన మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన 194బి సెక్షను, 14 ఏళ్ళలోపు పిల్లల్ని బెల్టుతోనో పిల్లల సీటుతోనో కట్టి ఉంచాలంటుంది, లేకపోతే 1,000 రూపాయల జరిమానా. సీటు కొనేటప్పుడు దానిమీద మన దేశపు భద్రతా ప్రమాణమైన ఏఐఎస్-072 గుర్తు గానీ యూరప్ గుర్తు గానీ ఉందో లేదో చూడండి. ఉయ్యాలలాగా మోసుకెళ్ళే ప్రతి బుట్టా కారు సీటు కాదు.

ముందు సీట్లో ఎయిర్‌బ్యాగు ఉంటే అక్కడ ఈ సీటు పెట్టనే కూడదు. బ్యాగు విచ్చుకునే వేగానికి పిల్ల తల వెనకున్న డొప్పకే దెబ్బ తగులుతుంది, అది నేరుగా తలకి కొడుతుంది.

దెబ్బ సంగతి ఇంతవరకు. దీనికి అడ్డొచ్చేది ఊపిరి. గుద్దుకున్నప్పుడు కాపాడాలంటే సీటు కాస్త నిటారుగా ఉండాలి, మరీ వాలితే పిల్ల డొప్పలోంచి పైకి జారిపోతుంది. ఊపిరికైతే బల్లపరుపు పక్కే మేలు. పసిపిల్లల శ్వాసనాళం వెడల్పు ఇరుకైన చోట 4 మిల్లీమీటర్ల చిల్లర, గోడలు మెత్తన. గొట్టం వెడల్పు సగానికి తగ్గితే గాలి కదలికకి అడ్డు 16 రెట్లవుతుంది. కూర్చున్న పిల్ల తల ముందుకి వాలి గడ్డం గుండెలకి ఆనిందంటే ఆ గొట్టం మడతపడుతున్నట్టే. పిల్ల ఏడవదు, గింజుకోదు, ప్రశాంతంగా నిద్రపోతున్నట్టే ఉంటుంది. ఈ రెండు అవసరాల మధ్య కుదిరిన రాజీయే 45 డిగ్రీల వాలు. రాజీ కాబట్టే దానిమీద గంటలకొద్దీ ఉంచకూడదు.

చాలా సీట్ల పక్కన ఆ వాలుకి ఒక గీతో, బుడగ తిరిగే చిన్న మట్టమో ఉంటుంది. కారుని సమంగా ఉన్న చోట ఆపి చూడాలి, కాలవగట్టు వాలుమీద చూస్తే లెక్క తప్పుతుంది. కారు సీటే వెనక్కి వాలి ఉండి కోణం కుదరకపోతే, సీటు పుస్తకంలో ఒప్పుకున్న పక్షంలో అడుగున తువ్వాలు చుట్టి పెట్టొచ్చు. పిల్ల తల వెనక మాత్రం దిండు, మడతగుడ్డ, బజార్లో విడిగా దొరికే మెత్తటి చట్రం ఏవీ వద్దు. తలని ముందుకి తోసేవి అవే. తల పక్కలకి వాలుతుంటే రెండు చిన్న చేతిగుడ్డలు చుట్టి తలకి అటొకటీ ఇటొకటీ ఆనించండి, చాలు. గడ్డానికీ గుండెకీ మధ్య ఒక వేలు సందు ఎప్పుడూ ఉండాలి.

ఇక బిగింపు. భుజాల పట్టీలు పిల్ల భుజాలకి సమంగా గానీ కాస్త కింద గానీ ఉన్న రంధ్రాల్లోంచి రావాలి. బిగించాక భుజం దగ్గర పట్టీని రెండు వేళ్ళతో గిల్లి చూడండి, మడత చిక్కితే ఇంకా వదులే. కారు బెల్టు వెళ్ళే చోట సీటుని పట్టుకుని ఊపితే ఏ పక్కకీ అంగుళానికి మించి కదలకూడదు. మన ఇళ్ళలో తప్పు జరిగేది చాలావరకు పొత్తిగుడ్డల దగ్గరే. పిల్లని గట్టిగా చుట్టేసి ఆ మూట మీదుగా బెల్టు పెడతారు. గుద్దుకుంటే గుడ్డ నలుగుతుంది, పట్టీ వదులవుతుంది, మూటలోంచి పిల్ల జారుతుంది. కాళ్ళ మధ్య బకిలు రావాలంటే కాళ్ళు విడిగా ఉండాలి. కాబట్టి పల్చటి నూలు చొక్కాతో కూర్చోబెట్టి, ముందు బెల్టు బిగించి, చలేస్తే గుడ్డ పైన కప్పండి. మెడలో దిష్టితాడుంటే ప్రయాణానికి తీసెయ్యండి. మొలతాడు పూసలు బకిలు కింద నొక్కుకోకుండా పక్కకి జరపండి. దిష్టిచుక్కకి ఏ అభ్యంతరమూ లేదు.

కొనేముందు కారులో పెట్టి చూడటం తప్పనిసరి. కొన్ని కార్లలో వెనక బెల్టు పొడుగు ఈ సీట్ల చుట్టూ తిరగడానికి నాలుగు వేళ్ళు తక్కువపడుతుంది. బెల్టు లేకుండానే సీటుని నేరుగా కారుకి తగిలించే ఐసోఫిక్స్ కొక్కేలు కారుకీ సీటుకీ ఉంటే ఆ బాధ లేదు. మూడుచోట్ల పట్టే బెల్టు ఉంటే వెనక మధ్య సీటు మంచిది, లేకపోతే డ్రైవరు పక్కసీటు వెనక. చుట్టాలింట్లోంచి తెచ్చుకున్న సీటైతే అది ఎప్పుడైనా ప్రమాదంలో ఉందేమో అడగండి. ప్లాస్టిక్‌లో పగుళ్ళు పైకి కనిపించవు. అడుగున అచ్చేసిన గడువు తేదీ కూడా చూడండి. అద్దె కారులో సీటు ఉండదు, మనదే తీసుకెళ్ళాలి.

అమలాపురం నుంచి హైదరాబాదు మామూలుగా ఎనిమిది తొమ్మిది గంటల దారి. పసిపిల్లతో అది పన్నెండు గంటలని ముందే ఒప్పుకుంటే గొడవ లేదు. గంట, మహా అయితే గంటన్నరకోసారి ఆపి పిల్లని సీట్లోంచి తియ్యాలి. రెండు గంటలు గట్టి హద్దు. రావులపాలెం దాటి తాడేపల్లిగూడెం దగ్గర ఒకటి, ఏలూరులో ఒకటి, విజయవాడలో ఒకటి, అది దాటాక నందిగామ, కోదాడ, సూర్యాపేట, నార్కట్‌పల్లి అనుకోవచ్చు. విజయవాడలో రాత్రి ఆగి రెండు రోజులు చేసినా నష్టం లేదు. మొదటి నెలలోనే తప్పని ప్రయాణమైతే రైలే నయం, బెర్తు మీద తల్లి పక్కన పిల్ల వెల్లకిలా పడుకుంటుంది. 37 వారాలు నిండకుండా పుట్టిన పిల్లల్ని, బరువు తక్కువ పిల్లల్ని డాక్టరుని అడగకుండా ఈ సీట్లో దూరం తీసుకెళ్ళకూడదు. కొన్ని దేశాల్లో ఇలాంటి పిల్లల్ని ఆసుపత్రినుంచి పంపేముందు గంటన్నర, రెండు గంటలు ఆ సీట్లోనే కూర్చోబెట్టి రక్తంలో ఆక్సిజన్ చూస్తారు. మొదటి వారంలో పసిరికలు ముదిరే రోజులు కాబట్టి నెలలు నిండిన పిల్లకైనా అప్పుడు దూరం వద్దు.

ఆగినప్పుడు వెనక సీటుమీద చాప పరిచి పిల్లని వెల్లకిలా పడుకోబెట్టి, డైపరు మార్చి, కాళ్ళూ చేతులూ ఆడించుకోనివ్వండి. తర్వాత పాలు. నడుస్తున్న కారులో పాలివ్వడం రెండు విధాల ప్రమాదం: తల్లీ బిడ్డా ఇద్దరూ బెల్టు విప్పాలి, కుదుపుకి పాలు శ్వాసనాళంలోకి పోవచ్చు. పాలయ్యాక భుజాన వేసుకుని తేన్పు వచ్చేదాకా, పది పదిహేను నిమిషాలు నిలబడండి. కడుపునిండా తాగి వెంటనే సీట్లో వంగి కూర్చున్న పిల్ల కక్కుతుంది. పిండి ఉంచిన తల్లిపాలు 25 డిగ్రీల లోపైతే 4 గంటలుంటాయి, మే నెలలో కారులో ఆ లెక్క చెల్లదు. ఐసు ప్యాకులున్న మూతపెట్టెలో పెట్టుకుంటే రోజంతా ఉంటాయి. ఎండగా ఉందని నీళ్ళు, గ్లూకోజు పట్టొద్దు. ఆరు నెలలదాకా పాలే నీళ్ళు. తేనె ఏడాది నిండేదాకా నాకించకూడదు, బొట్యులిజం అనే విషబాధ రావచ్చు. కొబ్బరిబోండం తల్లికి.

డెల్టాలో ఎండకన్నా ఉక్క ఎక్కువ బాధపెడుతుంది. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది, గాలిలో తేమ నిండి ఉంటే ఆరదు. పైగా పసిపిల్లకి చెమట పట్టేదే తక్కువ, బరువుతో పోలిస్తే చర్మం ఎక్కువ కాబట్టి బయటి వేడి త్వరగా లోపలికెక్కుతుంది. ఆ మీద వీపంతా మెత్తటి డొప్పలో ఉంటుంది. ఏసీ 24 నుంచి 26 మధ్య పెట్టి, గాలి ముఖానికి కొట్టకుండా తిప్పండి. కారెక్కేముందు తలుపులు తీసి వేడిగాలి పోనివ్వండి, బకిలు ఇనుము చేత్తో ముట్టుకుని చూడండి. చేతులూ కాళ్ళూ చల్లగా ఉన్నాయని గుడ్డలు కప్పేస్తారు, పసిపిల్లలకి అవి మామూలుగానే చల్లగా ఉంటాయి. మెడ వెనకో గుండెలమీదో చూడాలి. సీటుమీద చీరకొంగు కప్పితే లోపల గాలి ఆడదు. నీడ కావాలంటే కిటికీకి తెర కట్టండి. ఆపిన కారులో పది నిమిషాల్లో 10 డిగ్రీల దాకా వేడి పెరుగుతుంది, టీ తాగొచ్చేంతసేపు కూడా పిల్లని లోపల వదలొద్దు. ఎండ తప్పించుకోవాలని అర్ధరాత్రి బయల్దేరేవాళ్ళున్నారు. డ్రైవరు నిద్రమత్తు ఎండకన్నా ప్రమాదం. నిద్రపోయి లేచి తెల్లవారుజామున అయిదింటికి బయల్దేరడం మేలు.

హైవే ఎక్కేదాకా ఉన్న దారి తక్కువదేం కాదు. కాలవగట్టు రోడ్లు సన్నం, ఎదురుగా చేపల లోడు వస్తే దిగడానికి చోటుండదు. దాళ్వా (రబీ వరి) కోతలప్పుడు సగం రోడ్డుమీద ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్ళు పేర్చి ఉంటాయి. సఖినేటిపల్లి రేవులో కార్లని గోదావరి దాటించే పంటు ఎక్కి నరసాపురం వెళ్ళేవాళ్ళు మాత్రం పైన చెప్పినదాన్ని తిరగెయ్యాలి. ఇంజను ఆపి, పిల్లని బెల్టు విప్పి ఎత్తుకుని, అందరూ కారు దిగి నిలబడాలి. నీటిమీద బెల్టు కాపాడదు, ఏసీ ఆగిన కారు కొలిమి.

తల్లి సంగతి ఎవరికీ గుర్తుండదు. ఆపరేషనయినా బెల్టు పెట్టుకోవాలి, కింది పట్టీ కుట్లకి దిగువన తుంటి ఎముకలమీద ఉండాలి. కాన్పయిన ఆరు వారాలదాకా కాళ్ళ నరాల్లో రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువ, కాబట్టి ఆగిన ప్రతిచోటా పది నిమిషాలు నడవాలి. ఒక్క పిక్కే వాచి నొప్పెడితే, ఆయాసం వచ్చేదాకా చూడకుండా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

పిల్ల పక్కన ఒకరు మేలుకుని కూర్చోవాలి. ముక్కుపుటాలు అదరడం, డొక్కలెగరేయడం, పెదాలు నీలంగా మారడం, లేపితే లేవకపోవడం, మాడు లోపలికి పోవడం, ఆరు గంటలు ఉచ్చపోయకపోవడం, 38 డిగ్రీలో అంతకన్నా ఎక్కువో జ్వరం: వీటిలో ఏది కనిపించినా దగ్గరి ఆసుపత్రికి తిప్పండి, లేదా 108కి ఫోన్ చెయ్యండి. హైదరాబాదు చేరాక మన డాక్టరుకి చూపిద్దాం అనుకోవద్దు.

ఇల్లు చేరేసరికి పిల్ల మంచి నిద్రలో ఉంటుంది. లేపడం ఇష్టం లేక సీటుతోపాటే తెచ్చి, పట్టీలు వదులుచేసి, సోఫామీద పెట్టి అందరూ భోజనాలకి కూర్చుంటారు. మెత్తటి సోఫామీద సీటు ఒరుగుతుంది, వదులైన పట్టీ జారిన పిల్ల గొంతు దగ్గరికి వస్తుంది. ఏడిస్తే ఏడవనివ్వండి, బయటికి తీసి గట్టి పరుపుమీద వెల్లకిలా పడుకోబెట్టండి. సారె తర్వాత దించొచ్చు.