నొప్పి లేని సూది వెనుక లెక్క

కోనసీమ ఊళ్లలో టీకాల రోజున ఏఎన్‌ఎం (ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్త) ఐసు ప్యాకుల పెట్టెతో అంగన్‌వాడీ కేంద్రానికి వచ్చి, పసిపిల్లలకు ఉచితంగా సూదులు వేసి, కార్డులో తేదీ రాసిస్తుంది. అదే బిడ్డను పట్నంలోని ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళితే మొదట వినిపించేది ‘నొప్పి ఉండే సూదా, నొప్పి లేని సూదా?’ అన్న ప్రశ్న. ఊళ్లో ఉచితంగా వేసేది మొదటి రకం. ఖరీదైన రెండో రకంతో జ్వరం, వాపు తక్కువన్నది నిజమే. కానీ కోరింత దగ్గు నుంచి అది ఇచ్చే రక్షణ ఉచిత టీకా ఇచ్చేదానికంటే త్వరగా తగ్గిపోతుందన్న సంగతి తల్లిదండ్రులకు చెప్పేవారు అరుదు. కొన్న ధరకూ ఎమ్మార్పీకీ మధ్య తేడా ఆస్పత్రికి మిగులుతుందన్నది అసలే చెప్పరు.

మా ఇంటి బిడ్డకు టీకా వేయించినప్పుడు ఇచ్చిన బిల్లులో ‘వ్యాక్సిన్’ అన్న మాట, దాని ఎదురుగా మొత్తం తప్ప మరేమీ లేవు. ఏ కంపెనీదో కార్డులో అంటించిన స్టిక్కరు చూసి తెలుసుకున్నాం.

1978లో మొదలై 1985 నుంచి సార్వత్రిక కార్యక్రమంగా విస్తరించిన ప్రభుత్వ టీకాల్లోనూ ప్రోత్సాహకాలున్నాయి. ఏడాదిలోపు బిడ్డకు టీకాలన్నీ పూర్తయితే ఆశా కార్యకర్తకు 100 రూపాయలు ఇవ్వాలని జాతీయ ఆరోగ్య మిషన్ నిర్ణయించింది. బ్రిటన్‌లో 1990 నాటి ఒప్పందం, తమ పరిధిలోని పిల్లల్లో 70 శాతానికి, 90 శాతానికి టీకాలు పూర్తిచేసిన కుటుంబ వైద్యులకు రెండు స్థాయుల్లో చెల్లింపులు పెట్టింది. వీటిని నేను తప్పుపట్టను, ఎందుకంటే ఎవరికి ఎంత, దేనికి అన్నది అందరికీ తెలిసేలా రాసి ఉంది.

గుట్టుగా సాగేదానితోనే చిక్కు. మందుల కంపెనీల నుంచి వైద్యులు కానుకలు, ప్రయాణ ఖర్చులు తీసుకోరాదని వైద్య మండలి 2009లో నిబంధన చేర్చింది. ఆ కానుకలను కంపెనీలు పన్ను లెక్కల్లో ఖర్చుగా చూపరాదని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కంపెనీల మార్కెటింగ్ నియమావళిని కేంద్రం 2024 మార్చిలో సవరించింది. అయితే అమెరికాలో 2010 నాటి చట్టం వల్ల ఏ వైద్యుడికి ఏ కంపెనీ ఎంత ఇచ్చిందో ఎవరైనా చూడగలిగినట్టు ఇక్కడ చూడలేం.

చెప్పకుండా చేస్తే ఏమవుతుందో గోదావరి ఎగువన, నాటి ఖమ్మం జిల్లాలో కనిపించింది. 2009లో గిరిజన బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకాలు వేసినప్పుడు చాలాచోట్ల సమ్మతి పత్రాలపై తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. తర్వాత సంభవించిన మరణాలకు టీకాతో సంబంధం లేదని విచారణ కమిటీ చెప్పినా, అప్పటికే ఆ ప్రాజెక్టు ఆగిపోయింది, జనంలో అనుమానం నాటుకుపోయింది.

వైద్యుడు తన ఫీజునూ ఇతర ఛార్జీలనూ బోర్డుపై రాసి పెట్టాలని 2002 నాటి నిబంధనలే చెబుతున్నాయి. మా బిడ్డకు సూది వేసిన గది బయట కన్సల్టేషన్ ఫీజు పెద్దక్షరాల్లో ఉంది. టీకాల ధర ఒక్కటీ లేదు.